తలుపు మీద నోటీసు

పక్కింటి వదిన ఫోటో పంపింది. ఒంగోలులో మా ఇంటి తలుపు. సంక్రాంతికి వచ్చినప్పుడు నేను కట్టిన మామిడి తోరణం ఎండిపోయి వేలాడుతోంది. దాని కిందే బ్యాంకు నోటీసు, ఒక మూల ఊడిపోయి గాలికి మడత పడింది.

మా ఆయన ఆర్మీలో హవల్దారు. జోధ్‌పూర్ బదిలీ అయ్యాక ఇల్లు అద్దెకిచ్చి వెళ్లాం. అద్దెకున్నవాళ్లు ఆర్నెల్లకే ఖాళీ చేశారు. అక్కడ క్వార్టర్ దొరక్క బయట అద్దె, ఇక్కడ ఇంటి అప్పు కిస్తీ, మధ్యలో అత్తయ్య ఆపరేషన్. కిస్తీలు ఆగిపోయాయి. బ్యాంకు ఉత్తరాలన్నీ తాళం వేసిన ఇంటికే వచ్చాయి. బదిలీ కాగానే అడ్రస్ మార్పించాల్సింది, ఆ హడావిడిలో ఎవరికీ తోచలేదు.

అప్పు కట్టకపోతే కోర్టుకు వెళ్లకుండానే తాకట్టు ఇంటిని బ్యాంకు తీసుకునే వీలిచ్చే 2002 నాటి సర్ఫేసీ చట్టం గురించి రాత్రంతా చదివాను. కిస్తీ బాకీ 90 రోజులు దాటితే ఖాతా ఎన్‌పీఏ, అంటే మొండి బాకీ అవుతుంది. నోటీసు తర్వాత బాకీ కట్టడానికి 60 రోజుల గడువు. ఆలోపు మన అభ్యంతరం రాసిస్తే బ్యాంకు 15 రోజుల్లో జవాబివ్వాలి. రాశాను. ఆయన సరిహద్దు డ్యూటీలో ఉన్నారు, సిగ్నల్ దొరికినప్పుడే మాట. "నువ్వు ధైర్యంగా వెళ్లు" అన్నారు, గొంతు వణికింది.

గడువు ఇంకా 21 రోజులుంది. నా గాజులు, గొలుసు సంచిలో పెట్టుకున్నాను. రేపు ఒంగోలు బయల్దేరుతున్నా.