మారేడుమిల్లిలో ఏం చూశారంటే... ఉడతని

ఆఫీసులో అందరిదీ ఒకటే ప్రశ్న, మారేడుమిల్లి వెళ్లొచ్చారంట కదా ఏం చూశారు అని. జలతరంగిణి జలపాతం చూశారా, అమృతధార జలపాతంలో దిగారా, చింతూరు ఘాట్‌లో ఫొటోలు తీసుకున్నారా అని. ఉడతని చూశామండీ అంటే నవ్వేస్తున్నారు. నిజంగానే మూడు రోజుల్లో మేం సరిగ్గా చూసింది అదొక్కటే, ఏం చేస్తాం.

సెప్టెంబరు హాఫ్ ఇయర్లీ క్లోజింగ్ అయ్యాక నాకు నిద్ర పట్టడం మానేసింది. రాత్రి రెండింటికి లేచి ఫోన్ చూడ్డం, ఏ మెసేజూ లేకపోయినా ఉందేమో అని మళ్లీ చూడ్డం. బీపీ మాత్ర డోసు పెంచారు. మా ఆవిడ ఇక లాభం లేదని తనే రూములు వెతికింది, ముందు మారేడుమిల్లిలో వనవిహారి రిసార్టు చూస్తే ఖాళీ లేదు, చివరికి ఊరి బయట చెట్ల మధ్యలో ఒక చిన్న చోటు దొరికింది. దాని పేరు చెప్పను, ఎందుకో కింద మీకే తెలుస్తుంది. కార్తీకమాసం కాబట్టి ఆదివారం మాత్రం వద్దనుకున్నాం. కార్తీకంలో ఆదివారం మారేడుమిల్లి వెళ్లడమంటే పుష్కరాల రేవుకి వెళ్లినట్టే, బస్సులకి బస్సులు వనభోజనాలకి దిగిపోతాయి, డీజే బాక్సులూ కుప్పలకొద్దీ ప్లాస్టిక్ ప్లేట్లూ. అందుకని సోమవారం పొద్దున్న రాజమండ్రిలో బయల్దేరాం.

సోమవారం అంటే మా ఆవిడకి ఉపవాసం. నాకది బండెక్కాక గుర్తొచ్చింది. గోకవరంలో నేను వేడివేడి పెసరట్టు తింటుంటే తను నిమ్మకాయ నీళ్లు తాగుతూ నా ప్లేటు కేసి చూడకుండా ఎటో చూస్తూ కూర్చుంది, ఆ చూపు కన్నా తిట్టినా బాగుండును. రాజమండ్రి నుంచి మొత్తం 80, 90 కిలోమీటర్లు ఉంటుందేమో, గోకవరం దాటాక పొలాలు అయిపోయి చెట్లు మొదలవుతాయి, రంపచోడవరం దాటి భూపతిపాలెం రిజర్వాయర్ కూడా వెనకపడితే గాలే మారిపోతుంది, ఏసీ కట్టేసి అద్దాలు దించేశాం. రెండు మూడు మలుపులు తిరిగేసరికి ఫోన్లో సిగ్నల్ గీతలు ఒక్కోటీ పోతున్నాయి. పోతుంటే నాకు చెమటలు. నవ్వొస్తుంది కానీ నిజం.

రూముకి చేరాక తెలిసిందేంటంటే గీజర్ పనిచెయ్యదు. పైగా బాత్రూమ్ కిటికీకి మెష్ చిరిగిపోయి ఉంది. బుకింగ్ అప్పుడు ఇరవై నాలుగ్గంటలూ వేడినీళ్లు అని ఒట్టేసి మరీ చెప్పారు, ఇక్కడ అడిగితే కట్టెల మీద కాచి ఇస్తామండీ అంటారు. నేను గొంతు పెంచబోతుంటే అక్కడ పనిచేసే పెద్దావిడ "కాగు పెట్టేశాను బాబూ, పొగ వాసన వస్తాయి గానీ ఒళ్లు నెప్పులు పోతాయి" అంది. ఇంకేం మాట్లాడతాం. ఆ పొగ వాసన నీళ్లు మూడు రోజులూ పోసుకున్నా, ఒళ్లు నెప్పుల సంగతేమో గానీ నా జుట్టు ఇంటికొచ్చాక కూడా రెండు రోజులు కుంపటి వాసన వేసింది. కానీ మెష్ విషయం మాత్రం నేను క్షమించను, సామాన్లు దింపి అరగంట కాలేదు, ఆ సందులోంచి కోతి దూరి మేరీ బిస్కెట్ల ప్యాకెట్టు, నా పళ్లపొడి డబ్బా పట్టుకుపోయింది. పళ్లపొడి ఉమ్మేసింది, బిస్కెట్లు తినేసింది.

సాయంత్రం ఇంకో చిక్కు. కార్తీక సోమవారం నక్షత్రం చూస్తేగాని తినకూడదు కదా. అడవిలో ఐదున్నరకే చీకటి పడిపోయింది కానీ పైన చూస్తే కొమ్మలే, కొమ్మల మీద కొమ్మలు, ఆకాశం అన్నది చాపకంతల్లోంచి కనిపించినట్టు కనిపిస్తోంది, దానికి తోడు సన్నగా మంచు. మా ఆవిడ మెడ వెనక్కి వాల్చి రూము చుట్టూ తిరుగుతోంది, నేను టార్చి పట్టుకుని వెనకాల. అక్కడి కుర్రాడు, కొండరెడ్ల అబ్బాయి, ఇరవై రెండు ఇరవై మూడేళ్లుంటాయి, ఏం పోయిందండీ అని కంగారుగా పరిగెత్తుకొచ్చాడు. చుక్క కోసం అంటే "అయితే వాగు కాడికి రండి, టార్చి ఆపెయ్యండి" అన్నాడు. వాగు మీద చెట్లు కాస్త ఎడంగా ఉన్నాయి. టార్చి ఆపిన వెంటనే ఏమీ కనపళ్లేదు, రెండు నిమిషాలు ఊరికే నిలబడ్డాం, కీచురాళ్ల మోత. తర్వాత ఒకటి, పక్కన ఇంకోటి, తర్వాత లెక్కపెట్టడం మానేశాం. మా ఆవిడ అక్కడే రాయి మీద కూర్చుని అరటిపండు ఒలుచుకుంది. పాలపుంత అదీ అని చూపిస్తే అవునా అంది నోటినిండా పండుతో.

ఆ రాత్రి తొమ్మిదికి పడుకుని మర్నాడు ఆరింటికి లేచా. మధ్యలో ఒక్కసారే మెలకువ వచ్చింది, దూరంగా ఎక్కడో కుక్క మొరిగినట్టు, కానీ ఒక్కటే అరుపు, కాసేపాగి మళ్లీ ఇంకో అరుపు. పొద్దున్న అడిగితే అది కుక్క కాదండీ జింక అన్నాడు కుర్రాడు. మొరిగే జింకంట. చిరుతో ఇంకోటో కంటబడితే అలా చాలాసేపు మొరుగుతూనే ఉంటుందంట. చిరుత ఎంత దూరంలో ఉందో మాత్రం నేను అడగలేదు.

ఇక ఉడత సంగతి. మంగళవారం పొద్దున్న టీ గ్లాసు పట్టుకుని అరుగు మీద కూర్చున్నానా, ఎదురుగా తాని చెట్టు కింద ఎండుటాకుల మీద టప్, కాసేపాగి టప్ మని ఏదో పడుతోంది. కోతేమో అని చెప్పు తీసుకున్నా. కుర్రాడు నా భుజం మీద చెయ్యేసి "కదలకండి సార్, బెట్టుడుత" అన్నాడు గుసగుసగా.

పైకి చూస్తే ముందు తోకే కనపడింది. ఉడతంటే మన ఇంటి గోడ మీద తిరిగే చారల ఉడతే కదా మనకి తెలిసింది, ఇది ముక్కు నుంచి తోక చివరిదాకా మీటరు దాకా ఉంది, వీపు ముదురు మెరూన్, తోక నల్లగా, పొట్ట కోవా రంగు. వెనక కాళ్లతో కొమ్మని పట్టుకుని తలకిందులుగా వేలాడుతోంది, తోక కొమ్మకి అవతలి పక్కన తక్కెడలో రాయి వేసినట్టు బరువు ఆపుతోంది. ముందు చేతులు రెండూ ఖాళీ. ఆ చేతుల్తో కాయని పట్టుకుని, మనం మొక్కజొన్న పొత్తు తిప్పుకుంటూ తింటామే అచ్చం అలా, తిప్పుతూ కొరుకుతూ, పెచ్చు నచ్చకపోతే వదిలేస్తూ. మధ్యలో ఒకసారి ఆగి నాకేసి చూసింది, దవడలు ఆగిపోయాయి, మీసాలు మాత్రం కదులుతున్నాయి. వీడివల్ల ఏమీ కాదు అనుకుందేమో మళ్లీ మొదలెట్టింది. కరెక్టే లెండి.

మా ఆవిడ కూడా వచ్చి పక్కన కూర్చుంది. ఇది నేల మీదకి దిగడం చాలా తక్కువంట, పగలంతా పైనే తిరుగుడు, చీకటి పడితే గూట్లోకి. పైన పుల్లలూ ఆకులూ కుప్పగా ఉన్నాయి చూశారా అని కుర్రాడు మూడు చోట్ల చూపించాడు, మూడూ దీనివే అన్నాడు, ఒక్కదానికి మూడు ఇళ్లు! మేం ఇంకా హోమ్ లోన్ కడుతున్నాం. చెట్లు నరికేసి కొమ్మకీ కొమ్మకీ మధ్య ఎడం ఎక్కువైతే ఇవి పాపం ఎటూ పోలేవు. ఐదారు మీటర్లయితే దూకేస్తుంది, మా కళ్ల ముందే దూకింది, నాలుగు కాళ్లూ చాపి ఆరేసిన తువ్వాలు గాలికి ఎగిరినట్టు పక్క చెట్టు మీద వాలింది, కొమ్మ వంగి లేచింది, అంతే. టీ చల్లారిపోయింది. టైము చూస్తే గంటంపావు. గంటంపావు సేపు నేను ఫోన్ ముట్టుకోలేదు, నాకే నమ్మకం కుదర్లేదు.

ఆ తర్వాత జలపాతాలకి వెళ్దామా అని ఇద్దరం ఒకర్నొకరు అడిగి ఇద్దరం లేవలేదు. మధ్యాహ్నం కుర్రాడు బొంగులో చికెన్ చేశాడు. పచ్చి వెదురే కావాలి, ఎండు బొంగైతే కాలిపోతుంది. ఉప్పూ కారం మసాలా పట్టించిన ముక్కలు కూరి, మూతికి అడ్డాకు చుట్ట దోపి, నిప్పుల మీద పెట్టి తిప్పుతూ ఉంటాడు, నూనె చుక్క వెయ్యడు, వెదురులో ఉన్న తడికే ఉడుకుతుంది. బయటంతా బొగ్గయ్యాక చీల్చి ఆకులో వేస్తే వచ్చే వాసన నేను రాయలేను. ఇలాంటి రోజు మా ఆవిడకి కార్తీకం, నెలంతా నీచు ముట్టదు. తనకోసం ఇంకో బొంగులో కూరగాయల బిర్యానీ పెట్టాడు, అది నేను కూడా సగం తిన్నా, ఆ గొడవ ఇప్పటికీ నడుస్తోంది.

తిన్నాక కబుర్లలో ఎదురు కొండ చూపించి మా తాత పోడు కొట్టిన కొండ అదే అన్నాడు. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చి పోడుకి అడ్డం పడ్డం, 1922 నుంచి 24 దాకా రంప పితూరీ నడవడం మనం పుస్తకాల్లో చదువుకుని మార్కులు తెచ్చుకున్నాం. ఆ అబ్బాయి మాత్రం కొండకేసి వేలు పెట్టి, ఆ మూల సామలు వేసేవాళ్లు, ఈ మూల కందులు అని చెప్తున్నాడు. నేను వింటూ కూర్చున్నా. ఇప్పుడక్కడ పొలం జాడే లేదు, అంతా చెట్లే.

బుధవారం బయల్దేరేముందు ఉడత కోసం గంట చూశాం, రాలేదు. దారిలో ఒకామె గంపలో అడవి ఉసిరికాయలు అమ్ముతుంటే మా ఆవిడ దీపాలకీ పచ్చడికీ కలిపి మూడు కిలోలు కొంది, గోళీలంత కాయలు, కొరికితే కళ్లు మూసుకుపోయే పులుపు. రంపచోడవరం దగ్గరికొచ్చేసరికి ఫోన్ ఒక్కసారిగా మోగడం మొదలెట్టింది, మోగుతూనే ఉంది. మా మేనేజర్ గారు పద్నాలుగు సార్లు చేశారు. గుండె గుభేలుమని బండి పక్కకి ఆపి మెసేజులు తెరిస్తే ఆఖరున "సాల్వ్ అయింది, డిస్టర్బ్ చెయ్యొద్దు, ఎంజాయ్" అని ఉంది. మంగళవారం పదకొండింటికే పెట్టారు. మా ఆవిడ ఫోన్ లాక్కుని ఉసిరికాయల సంచిలో పడేసి, పోనివ్వండి అంది.