తలకు దెబ్బ తగిలాక నిద్ర కోసం నేను పడ్డ తిప్పలు (నా అనుభవం)

స్కూటర్ మీద నుంచి పడి ఎనిమిది నెలలైంది. హెల్మెట్ ఉంది కాబట్టి పైకి చెప్పుకోదగ్గ గాయం లేదు. గడ్డం దగ్గర చర్మం గీరుకుపోయింది, చెవి వెనక కాస్త వాపు, అంతే, రెండు వారాల్లో అవీ పోయాయి. పోనిది రాత్రుల్లో మొదలైంది. దాని గురించి ఆసుపత్రి వాళ్ళిచ్చిన కాగితాల్లో ఒక్క ముక్క లేదు, అందుకే ఇది రాస్తున్నాను. మీ ఇంట్లో తలకు దెబ్బ తగిలిన మనిషి "నిద్ర పట్టట్లేదు, పిచ్చి పిచ్చి కలలు వస్తున్నాయి" అంటే దయచేసి టెన్షన్ అని తోసేయకండి. అది కూడా ఆ దెబ్బ వల్ల వచ్చిందే కావచ్చు, దానికీ వైద్యం ఉంది. ఆ మాట నాకు చెప్పే మనిషి దొరకడానికి మూడు నెలలు పట్టింది.

నాకు మలుపు తిరుగుతున్నట్టు గుర్తుంది. ఆ తర్వాత గుర్తున్నది తెల్లటి లైటు, నా పేరు అడుగుతున్న నర్సు. మధ్యలో దాదాపు 40 నిమిషాలు లేవు. ఆ 40 నిమిషాల్లో నేను మాట్లాడానట, మా ఆయన ఫోన్ నంబరు తప్పు లేకుండా చెప్పానట, అడిగిందే పదిసార్లు అడిగానట. సీటీ స్కాన్ నార్మల్ వచ్చింది. స్పృహ ఎలా ఉందో చూసే గ్లాస్గో స్కేలు మీద 15కి 14 వేశారు, సాయంత్రానికి 15 అయింది. కంకషన్ (కుదుపుకి మెదడుకి తగిలే దెబ్బ) అన్నారు, ఒక రాత్రి ఉంచుకుని పంపించేశారు. తలనొప్పి అంతకంతకూ పెరుగుతున్నా, వాంతులు ఆగకపోయినా, ఫిట్స్ వచ్చినా, మాట తడబడినా, లేపితే లేవకపోయినా వెంటనే తీసుకురమ్మని ఒక కాగితం ఇచ్చారు. చాలా అవసరమైన కాగితం అది, మా ఆయన ఫ్రిజ్ తలుపుకి అంటించారు. ఇంటికొచ్చిన మొదటి రాత్రి ఆయన గంటగంటకీ నన్ను లేపుతూ కూర్చున్నారు, తలకు దెబ్బ తగిలితే నిద్రపోనివ్వకూడదని ఎవరో చెప్పారట. డాక్టరు చూసి పర్లేదని ఇంటికి పంపాక, లేపి చూస్తుండమని వాళ్ళు ప్రత్యేకంగా చెబితే తప్ప, నిద్రపోతే మంచిదేనని తర్వాత తెలిసింది.

మొదటి పది రోజులు పడుకోవడమే పని. రోజుకి 14 గంటలు పడుకున్నా ఇంకా పడుకోవాలనిపించేది. ఇంట్లో అందరూ మెదడుకి విశ్రాంతి దొరుకుతోందని సంతోషించారు. మూడో వారంలో ఒక్కసారిగా తిరగబడింది. రాత్రి పన్నెండు దాటినా కళ్ళు మూతపడవు, పడ్డాక మూడింటికి ఉలిక్కిపడి లేవడం, ఇక తెల్లవార్లూ దొర్లడం, పగలంతా మగత. పీడకల కూడా ఆ వారమే మొదలైంది.

ఎప్పుడూ అదే మలుపు. ఎదురుగా లారీ లైట్లు, హారన్, నా బండి ముందు పసుపు గౌను వేసుకున్న చిన్నపిల్ల. బ్రేకు పట్టుకుంటాను, పడదు. అక్కడ మెలకువ వచ్చేస్తుంది. లేచేసరికి ఒళ్ళంతా చెమట, గుండె గొంతులో కొట్టుకుంటూ ఉంటుంది, కుడిచేతి వేళ్ళు ఇంకా బ్రేకు మీదే ఉన్నట్టు ముడుచుకుపోయి ఉంటాయి. ఎడమచేత్తో ఒక్కో వేలూ విప్పుకోవాల్సి వచ్చేది. లైటేసి చూస్తే అరచేతిలో నాలుగు గోళ్ళ గుర్తులు, ఎర్రగా, చిన్న చిన్న నెలవంకల్లా. పొద్దున స్నానానికి వెళ్ళేదాకా పోయేవి కావు.

కల కంటే దాని వెనకే వచ్చిన ఆలోచన నన్ను ఎక్కువ చంపింది. నాకు ఆ 40 నిమిషాలు గుర్తులేవు కదా, మరి ఇదే ఆ 40 నిమిషాలేమో? ఆ పిల్ల నిజంగా ఉందేమో? మా ఆయన్ని అడిగితే "ఎవరూ లేరు, ఇసకలో బండి జారింది, అంతే" అన్నారు. నమ్మలేదు, నా ఆరోగ్యం కోసం దాస్తున్నారనుకున్నాను. ఆయన లేనప్పుడు అక్కని పట్టుకుని "నిజం చెప్పక్కా, ఆ పాపకేమైంది?" అని అడిగాను. అక్క ఏడ్చేసింది. నా పరిస్థితి చూసి ఏడ్చిందని ఇప్పుడు అర్థమవుతోంది, ఆ రోజు మాత్రం దానితో నా అనుమానం గట్టిపడిపోయింది. నా వల్ల ఒక పిల్ల పోయిందని నమ్ముతూ ఆరు వారాలు బతికాను. అది ఎలాంటి బతుకో నేను చెప్పలేను.

కల వస్తుందన్న భయంతో పడుకోవడం మానేశాను. అర్ధరాత్రి దాకా ఫోను చూస్తూ, కాఫీ తాగుతూ కూర్చోవడం, పగలు సోఫాలో రెండు గంటలు పడిపోవడం. మా పాప ఒకరాత్రి నా పక్కన పడుకుంటే నిద్రలో నా చెయ్యి దానికి తగిలింది. మర్నాటి నుంచి నేను హాల్లో పడుకున్నాను.

మొదట చూపించిన డాక్టరు స్కాన్ మరోసారి చూసి, అంతా బాగానే ఉంది, టెన్షన్ తగ్గించుకోండి అని నిద్రమాత్ర రాశారు. నిద్ర వచ్చేది కానీ పొద్దున తల మొద్దుబారిపోయి, అసలే తడబడుతున్న జ్ఞాపకం ఇంకా పాడైంది, గ్యాస్ కట్టానో లేదో కూడా చెప్పలేకపోయేదాన్ని. తలనొప్పి తగ్గకపోతే ప్రొప్రనొలాల్ మొదలుపెట్టారు. తలనొప్పి తగ్గింది, నిజమే. కలలు మాత్రం వారానికి మూడు రాత్రుల నుంచి దాదాపు ప్రతిరాత్రికీ వచ్చాయి, రంగులతో సహా ఇంకా స్పష్టంగా. ఆ రెండిటికీ సంబంధం ఉంటుందని మాలో ఎవరికీ తట్టలేదు.

మూడో నెల చివర్లో ఇంకో న్యూరాలజిస్టు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ స్కాన్ పక్కన పెట్టి, ముందు నిద్ర గురించే అడిగారు. ఎన్నింటికి పడుకుంటారు, ఎన్నింటికి లేస్తారు, గురక వస్తుందా, ఊపిరి ఆగినట్టయి లేస్తారా, కలలో చేతులు కాళ్ళు ఆడిస్తారా, ఏ మందులు ఏ పూట వేసుకుంటున్నారు. ఇలా అడిగిన మొదటి మనిషి ఆవిడ, నాకు అక్కడే కన్నీళ్ళు వచ్చేశాయి. తలకు దెబ్బ తగిలినవాళ్ళలో సుమారు సగం మందికి ఏదో ఒక నిద్ర సమస్య వస్తుందట. సీటీ స్కాన్‌లో రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి కనిపిస్తాయి గానీ, మెదడు కుదుపుకి లోపల సన్నటి నరాల పోగులు సాగి దెబ్బతింటే అది కనిపించదట, కాబట్టి స్కాన్ నార్మల్ అంటే అంతా నార్మల్ అని కాదన్నారు. ప్రొప్రనొలాల్ లాంటి మందులు కొందరిలో పీడకలలు తెస్తాయనీ, రాత్రి ఒంట్లో తయారయ్యే మెలటోనిన్ అనే నిద్ర హార్మోన్‌ని తగ్గిస్తాయనీ చెప్పి, దాన్ని మెల్లగా తగ్గించి తలనొప్పికి వేరే మందు ఇచ్చారు. (అది సొంతంగా ఉన్నట్టుండి ఆపకూడని మందు, గుర్తుపెట్టుకోండి.) నిద్రమాత్ర కూడా మెల్లగా మాన్పించారు. అప్పుడప్పుడూ ఉక్కిరిబిక్కిరై లేస్తున్నానని ఒక రాత్రి స్లీప్ స్టడీ చేయించారు, ఊపిరి సమస్య లేదని తేలింది.

పీడకలలకే ఏదైనా మాత్ర ఉంటే ఇవ్వమని బతిమాలాను. ప్రజోసిన్ అని ఒక బీపీ మందు ఉంది, కొందరికి పనిచేస్తుంది, కానీ 2018లో వచ్చిన పెద్ద పరిశోధనలో మాజీ సైనికుల మీద చూస్తే ఉత్తుత్తి మాత్ర కంటే మెరుగ్గా ఏమీ లేదు, పైగా మీకు అసలే కళ్ళు తిరుగుతున్నాయి, బీపీ పడిపోతే మళ్ళీ కిందపడతారు అన్నారు.

నేను అసలు అడగాల్సింది చివర్లో అడిగాను. ఆ కల నిజంగా జరిగిందా? ఆవిడ చాలా ఓపిగ్గా చెప్పారు. దెబ్బ తగిలిన ఆ కాసేపు మెదడు జ్ఞాపకాలని రాసుకోలేకపోయింది, కాబట్టి అక్కడ దాచిపెట్టిన జ్ఞాపకమేమీ ఉండే అవకాశం లేదు, తర్వాత విన్నవీ, భయపడ్డవీ కలిపి కల తయారుచేసుకుంటుంది అన్నారు. ఆ మాటకి సగం ప్రాణం లేచొచ్చింది.

మిగతా సగం సైకాలజిస్టు దగ్గర. ఆయన మొదట చేతిలో ఒక పుస్తకం పెట్టి రెండు వారాలు రాయమన్నారు, మంచమెక్కిన టైము, నిద్ర పట్టిన టైము, లేచినవి, కల వచ్చిందా లేదా. రాశాక చూస్తే తొమ్మిది గంటలు మంచం మీద, నిద్ర ఐదున్నర. మంచం ఎక్కితే భయపడటం నా ఒంటికి అలవాటైపోయిందన్నారు. దాంతో పన్నెండింటికి ముందు పడుకోకూడదు, ఏం జరిగినా ఆరింటికి లేవాలి, 20 నిమిషాల్లో నిద్ర రాకపోతే లేచి వేరే గదిలో కూర్చోవాలి, పగటి నిద్ర అరగంట దాటకూడదు. మొదటి వారం నరకం, మూడో రోజు ఇక నా వల్ల కాదని ఏడ్చాను. పడుకున్న సమయంలో 85 శాతం నిద్ర పడుతుంటే మంచం మీద ఉండే సమయాన్ని పావుగంట చొప్పున పెంచుతూ వెళ్ళాం, రెండు నెలలకి ఏడు గంటల దాకా వచ్చింది. ఇది ఎవరికి వాళ్ళు ఇంట్లో మొదలుపెట్టొద్దు, ముఖ్యంగా ఫిట్స్ ఉన్నవాళ్ళు, నిద్ర తగ్గితే ఫిట్స్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నాకు కూడా న్యూరాలజిస్టుతో మాట్లాడాకే మొదలుపెట్టారు.

కలకి వేరే పద్ధతి. పగటిపూట, పూర్తి మెలకువలో, ఆ కలని మార్చి కాగితం మీద రాయాలి, రోజూ పది పదిహేను నిమిషాలు కళ్ళు మూసుకుని ఆ కొత్త కలనే చూసుకోవాలి. వినగానే చిన్నపిల్లల ఆటలా అనిపించి కోపం వచ్చింది. 2001లోనే బ్యారీ క్రాకో అనే డాక్టరు బృందం దీన్ని లైంగిక దాడికి గురైన స్త్రీల మీద పరీక్షించి, పీడకలలు తగ్గాయని వైద్య పత్రికలో రాశారని చెప్పాక సరే అన్నాను. పెద్ద కలతో మొదలుపెట్టనివ్వలేదు. మెట్లు దిగుతుంటే చివరి మెట్టు ఉండని కల ఒకటి వచ్చేది, ముందు దాని మీద వారం పనిచేశాం.

తర్వాత మలుపు కల. మొదట లారీ మాయమైపోయి, ఎండ వచ్చి, పిల్ల నవ్వుతూ పరిగెత్తినట్టు రాశాను. చదువుతుంటే నాకే నమ్మకం లేదు. ఆయన "నేను మంచి కల రాయమనలేదమ్మా, వేరే కల రాయమన్నాను" అన్నారు. మళ్ళీ రాశాను. బ్రేకు పడుతుంది. బండి ఆగుతుంది. కాలితో సైడ్ స్టాండ్ వేస్తాను, టక్‌మని చప్పుడు వినిపిస్తుంది. దిగుతాను. పాప చెప్పు ఒకటి రోడ్డు మీద పడిపోయింది, ఇద్దరం కలిసి వెతుకుతాం. అంతే. ఆ స్టాండు చప్పుడు దగ్గరే నేను ఎక్కువసేపు ఉండేదాన్ని.

ఆ రోజుల్లోనే, బండి మీద నుంచి పడ్డప్పుడు నన్ను లేవదీసిన మనిషితో మాట్లాడాను, నంబరు మా ఆయన దగ్గర ఉంది. "ఎవరూ లేరమ్మా, లారీ లేదు, పాపా లేదు, రోడ్డు ఖాళీ. బండి దానంతటదే జారింది. మీరే, హెల్మెట్ తియ్యనివ్వకుండా గొడవ పెట్టారు" అన్నాడు. ఫోను పెట్టేసి చాలాసేపు ఏడ్చాను. ఇంత తెలిశాక కూడా కల వెంటనే ఆగలేదు, అది కూడా చెప్పాలి. కాకపోతే లేచాక "లేదు, ఆ పాప లేదు" అనుకుని మళ్ళీ పడుకోగలిగాను.

ఆరు వారాలకి వారంలో ఒకటి మిగిలింది. ఆరో నెలలో జ్వరం వచ్చి వరసగా నాలుగు రాత్రులు మళ్ళీ వచ్చింది, అంతా మొదటికొచ్చిందని హడలిపోయాను. మొదటికేమీ రాలేదు, రోజూ చేసుకునేది మళ్ళీ చేసుకుంటే తగ్గింది. ఈ నెల పుస్తకంలో కల గడిలో రెండే టిక్కులున్నాయి, మా పాప మళ్ళీ నా పక్కనే పడుకుంటోంది.

మొన్న ఆదివారం మా ఆయన స్కూటర్ బయటికి తీసి స్టార్ట్ చేసి ఇచ్చారు. ఎక్కి కూర్చున్నాను. స్టాండ్ తీశాను, వేశాను, మళ్ళీ తీశాను, వేశాను. నడపలేదు. ఆయన ఏమీ అనకుండా తాళం తీసుకుని బండి లోపల పెట్టేశారు.