రంగు పోకుండా వండటం ఎలా నేర్చుకున్నానంటే

మా మిద్దె తోట చూడటానికి వచ్చినవాళ్లు ముందు అడిగేది ఎర్ర బెండ గురించే. అది ‘కాశీ లాలిమ’ అనే రకం, వారణాసిలోని భారతీయ కూరగాయల పరిశోధన సంస్థవాళ్లు తయారుచేసింది. తొలకరికి గింజలు పెడితే నెలన్నరకల్లా పూత వస్తుంది. పెంచడంలో మామూలు బెండకూ దీనికీ తేడా లేదు. అదే పశువుల ఎరువు, అదే పేనుబంక, అదే వేపనూనె. తేడా అంతా వంటింట్లోనే.

మొదటి కోత చూసి అత్తయ్య, “ఇదేంటమ్మా, కాయలు ఇలా కమిలిపోయాయి?” అన్నారు. వేపుడు పెట్టాను. మూకుడు వేడెక్కేసరికి ఎరుపు విరిగిపోయి, చివరికి మామూలు బెండకాయ వేపుడే తేలింది. రుచికేం లోటు లేదు. కానీ రంగు చూసి ఆశగా కూర్చున్న మా అమ్మాయి, “రంగు ఎక్కడికి పోయిందమ్మా?” అని అడిగింది. దానికి జవాబు వెతుకుతూ చదివాను, వండి చూశాను. ఆ ఏడాది మా ఇంట్లో చాలా కూరలు వండే పద్ధతే మారిపోయింది.

ఎర్ర బెండ, ఊదా క్యాబేజీ, ఊదా బీన్స్, నల్ల క్యారెట్, వంకాయ తొక్క, వీటన్నిటికీ రంగునిచ్చేది ఆంథోసయనిన్. అది నీళ్లలో కరుగుతుంది. వేడికి కణాలు చిట్లితే బయటికి కారిపోతుంది, కొంత విరిగిపోతుంది. బెండకాయలో ఆ ఎరుపు కింద పత్రహరితం ఎలాగూ ఉంది కాబట్టి పచ్చదనం పైకి తేలుతుంది. మనం రంగు అనుకుంటున్నదే ఇక్కడ ఒంటికి మేలు చేసేది కూడా. అంటే ఉడికించి వార్చేసిన నీళ్లతో పాటు మనం డబ్బు పెట్టి కొన్నది కూడా తూములోకి పోతోంది. ఇది తెలిశాక ఎర్ర బెండతో వేపుడు మానేశాను. లేత కాయలు సన్నగా చక్రాల్లా తరిగి, పచ్చివే పెరుగులో కలిపి, పైన తాలింపు పెడతాను. ఎరుపు అలాగే ఉంటుంది.

ఊదా క్యాబేజీ ఇంకా విచిత్రం. మా కుళాయిలో వచ్చేవి బోరు నీళ్లు, క్షారం ఎక్కువ. వాటిలో ఉడికిస్తే క్యాబేజీ నీలంగా మారి, చూడగానే తినబుద్ధి కాదు. అదే నాలుగు చుక్కల నిమ్మరసం పిండితే క్షణంలో గులాబీ రంగు వస్తుంది. ఆంథోసయనిన్ పులుపులో ఎర్రబడుతుంది, క్షారంలో నీలంగా, ఇంకా ఎక్కువైతే ఆకుపచ్చగా మారుతుంది. మా అమ్మాయి గాజు గ్లాసుల్లో క్యాబేజీ రసం పోసి, ఒకదాంట్లో నిమ్మకాయ, ఇంకోదాంట్లో వంట సోడా వేసి, వీధిలో పిల్లలందరినీ పిలిచి చూపించింది. అంతవరకూ క్యాబేజీ వాసనకే పారిపోయే పిల్ల ఆ రోజు నుంచి తింటోంది. పిల్లల విషయంలో రంగుకున్న బలం అది. దాన్ని తక్కువ అంచనా వేయకూడదు.

ఈ క్యాబేజీతో పెసరపప్పు కూర వండేటప్పుడు చిన్న చిక్కు ఉంది. పులుపు ముందే వేస్తే పెసరపప్పు ఉడకదు, చివర్లో వేస్తే అప్పటికే రంగు చెడుతుంది. అందుకని పప్పు విడిగా పలుకు మీద ఉడికించుకుంటాను. క్యాబేజీకి తాలింపులోనే చింతపండు పులుసు కొంచెం తగిలించి, పెద్ద మంట మీద మగ్గనిచ్చి, తర్వాత పప్పు కలుపుతాను. రంగు బాగుండాలని వంట సోడా మాత్రం వేయొద్దు. ఆకుకూరల్లో కూడా వద్దు. అది విటమిన్ సినీ, బి1నీ నాశనం చేస్తుంది.

ఎర్ర తోటకూర, ఎర్ర బచ్చలి, బీట్‌రూట్‌లది మాత్రం వేరే రంగు. దాన్ని బీటాలెయిన్ అంటారు. అది కూడా నీళ్లలో కరిగేదే, తోటకూర పప్పు కలిపితే అన్నం ఎర్రబడేది అందుకే. ఆ నీళ్లు పారబోయకుండా పప్పులోనే ఇంకనిస్తే చాలు.

నాకు నిజంగా ఆనందం కలిగించింది నారింజ రంగు చిలగడదుంప. భువనేశ్వర్‌లో చదువుకునే మా మేనకోడలు ‘భూ సోనా’ తీగ ముక్కలు తడి గుడ్డలో చుట్టి తెచ్చింది. కేంద్ర దుంప పంటల పరిశోధన సంస్థ 2017లో ఇచ్చిన రకం ఇది. వంద గ్రాముల్లో 14 మిల్లీగ్రాముల బీటా కెరోటిన్ ఉంటుంది, మామూలు రకాల్లో అయితే రెండు మూడే. పెద్ద గ్రోబ్యాగుల్లో నాటాను. కోసి చూస్తే లోపల గుమ్మడిపండు రంగు! బీటా కెరోటిన్ శరీరంలో విటమిన్ ఎ అవుతుంది. రేచీకటి రాకుండా కాపాడేది అదే. ఇది నీళ్లలో కరగదు, నూనెలో కరుగుతుంది. కాబట్టి ఉడికించినా రంగు పోదు, కానీ వట్టిగా తింటే ఒంటికి సరిగ్గా పట్టదు. ఆవిరి మీద ఉడికించి, ఒక చెంచా నెయ్యి వేసి పెడుతున్నాను. దీనికి జోడీగా ఊదా రంగు ‘భూ కృష్ణ’ కూడా ఉంది. అందులో వంద గ్రాములకు 90 మిల్లీగ్రాముల ఆంథోసయనిన్.

ఈ రెండిట్లో ఒకటే ఎంచుకోమంటే నేను నారింజదే అంటాను. ఆంథోసయనిన్ మంచిదే, కానీ అది విటమిన్ కాదు, తిన్నదాంట్లో రక్తంలోకి చేరేది కొంచెమే. ఊదా కాలీఫ్లవర్‌లో ఉండే పీచు, విటమిన్ సి తెల్లదాంట్లోనూ ఉంటాయి. సూపర్‌మార్కెట్లో మూడింతలు ధర పెట్టి దాన్ని కొనలేకపోయామని ఏ తల్లీ బాధపడక్కర్లేదు. మునగాకులో, తోటకూరలో బీటా కెరోటిన్ దండిగా ఉంది. పత్రహరితం కప్పేయడం వల్ల ఆ నారింజ రంగు మన కంటికి కనబడదు, అంతే. రంగు కూరలు పెంచడం మొదలుపెట్టాకే ఆకుకూరల మీద నాకు గౌరవం ఇంకా పెరిగింది.

వంకాయ విషయంలో అత్తయ్య పద్ధతే సరైనదని తేలింది. ఆవిడ గుత్తి వంకాయలు కోసి ఉప్పు నీళ్లలో ఎక్కువసేపు ఉంచరు, బాగా కాగిన నూనెలో వేస్తారు. అలా చేస్తే తొక్క రంగు నీళ్లలోకి దిగిపోకుండా నిగనిగలాడుతూ ఉంటుంది.

ఇక నల్ల క్యారెట్. ఢిల్లీలోని భారతీయ వ్యవసాయ పరిశోధన సంస్థవారి ‘పూసా ఆసిత’ గింజలు దసరా వెళ్లాక చల్లాను. అడుగున్నర లోతు డ్రమ్ములో, ఇసుక కలిపిన గుల్ల మట్టిలో బాగా ఊరాయి. ఉత్తరాదిన వీటితో కాంజీ అనే పుల్లటి పానీయం చేస్తారు. ముక్కలు కోసి, ఆవపిండి, ఉప్పు, కారం, కాచి చల్లార్చిన నీళ్లు కలిపి, గాజు సీసా మూతికి గుడ్డ కట్టి ఎండలో పెట్టాలి. మూడు నాలుగు రోజులకు పులుస్తుంది, ఆ పులుపుకే రంగు కెంపులా తేలుతుంది. ఇక్కడ రంగు కరిగిన నీళ్లే మనం తాగేది, కాబట్టి వృథా అనే మాటే లేదు. ఆవఘాటు మనకు అలవాటైనదే కదా, అత్తయ్య మొదటి గ్లాసుకే ఇష్టపడ్డారు. చలి ఎక్కువగా ఉంటే ఇంకో రోజు ఎండలో ఉంచండి. పుల్లటి వాసన రాగానే ఫ్రిజ్‌లోకి మార్చేయండి, ముక్కలు పెరుగన్నంలో నంజుకోండి.