ఆకాశం ఆరేలోపు

పొద్దున్న పరగడుపున షుగర్ 134. రాత్రి పడుకోబోయే ముందు 118 ఉంది. మధ్యలో నేను నిద్రపోవడం తప్ప ఏమీ చేయలేదు, మంచినీళ్ళు తప్ప ఏదీ నోట పెట్టలేదు. అయినా పెరిగింది. ఇది నా కాలేయం చేసే ఉద్యోగం. తెల్లవారుజామున ఒంటిని లేపడానికి కార్టిసాల్, గ్రోత్ హార్మోన్ వంటివి పెరుగుతాయి. అప్పుడు కాలేయం తన దగ్గర ఉన్న గ్లూకోజును రక్తంలోకి వదులుతుంది. మధుమేహం లేనివాళ్ళలో ఇన్సులిన్ ఆ లెక్కను గుట్టుగా సరిచేస్తుంది, వాళ్ళకు సంగతే తెలియదు. నా ఒంట్లో ఇన్సులిన్ ఉన్నా దాని మాట వినేవాళ్ళు తక్కువ. అందుకే నిద్ర లేచేసరికే అంకె సిద్ధంగా ఉంటుంది.

మామూలుగా పరగడుపున 80 నుంచి 130 లోపు ఉంటే చాలన్నారు డాక్టరు గారు. 134 అంటే గీత దాటినట్టే. కానీ ఇంట్లో వాడే మీటరుకు పదిహేను శాతం అటూ ఇటూ అయ్యే వెసులుబాటు అంతర్జాతీయ ప్రమాణాల్లోనే ఉంది. అంటే ఈ 134 నిజంగా 120 కావచ్చు, 150 కూడా కావచ్చు. అందుకని ఒక్క అంకెను పట్టుకుని దిగులుపడను, వారం మొత్తం ఎటు నడుస్తోందో చూస్తాను. పుస్తకంలో రాసుకుని లేచాను.

రక్తం తీయడంలో నాకొక పట్టింపు ఉంది. ఎడమ చేతి మధ్యవేలు, ఉంగరపు వేలు, చిటికెన వేలు మాత్రమే వాడతాను, అదీ వేలి కొసన కాదు, పక్కన. కొసలో స్పర్శ తెలిపే నరాలు ఎక్కువ, నొప్పీ ఎక్కువే. కుడిచేతి బొటనవేలినీ చూపుడు వేలినీ అసలు ముట్టుకోను. అవి కుంచె పట్టే వేళ్ళు. సన్నటి కొమ్మ గీసేటప్పుడు వేలి కొసన గాటు చురుక్కుమంటే ఆ కొమ్మ వంకర పోతుంది. మొదట ఈ మాట చెప్పినప్పుడు నర్సు నవ్వింది, తర్వాత మాత్రం పరీక్ష చేసిన ప్రతిసారీ ఎడమచేయే అడిగింది.

అల్పాహారం, మాత్ర అయ్యాక బల్ల ముందు కూర్చున్నాను. నీటి రంగులు. చాలాకాలంగా ఒక సాయంత్రపు ఆకాశం వేయాలని ఉంది: పైన ముదురు నీలం, కిందికి వచ్చేకొద్దీ పలచబడి, నేలకు ఆనే చోట నీలమో బూడిదో తేలని రంగు. 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే) మందపాటి కాగితాన్ని చెక్కకు టేపుతో అంటించి, చెక్క తలవైపు ఒక పుస్తకం పెట్టి కొంచెం ఏటవాలుగా ఎత్తాను. అల్ట్రామెరైన్ నీలం చిక్కగా కలిపి పై అంచున అడ్డంగా ఒక చార గీస్తే, చార కింద రంగునీళ్ళు పూసలాగా నిలబడతాయి. మళ్ళీ కుంచె ముంచి ఆ పూసను తాకుతూ ఇంకో చార, ప్రతి చారకూ రంగు తక్కువ, నీళ్ళు ఎక్కువ. ఆ పూస తెగకూడదు, ఆరకూడదు. అలా కింది వరకూ దింపుకుంటూ రావాలి. అది జరిగినంతసేపూ ఊపిరి కూడా జాగ్రత్తగా తీస్తాను. అల్ట్రామెరైన్‌కు ఒక గుణం ఉంది, దాని రేణువులు కాగితం గుంటల్లోకి దిగి సన్నటి ఇసుక చల్లినట్టు మచ్చలు కడతాయి. కొందరికి అది నచ్చదు. నాకైతే ఆ గరుకుదనం కోసమే ఆ నీలం కావాలి. అడుగున కాస్త బర్న్ట్ సియన్నా అనే ఎర్రమట్టి రంగు కలిపితే నీలం చల్లారి బూడిద రంగు అవుతుంది, అక్కడ ఆకాశం ముగుస్తుంది.

ముగిశాక అసలు కష్టం మొదలు. దాన్ని ముట్టుకోకుండా ఉండాలి. సగం ఆరిన రంగు మీద తడి కుంచె తగిలిందా, నీళ్ళు రంగును తోసుకుంటూ పోయి రంపపు పళ్ళలాంటి అంచు కడతాయి, ఇక అది పోదు. పూర్తిగా ఆరడానికి అరగంట దాకా పడుతుంది, చెమ్మ రోజుల్లో ఇంకా ఎక్కువ. చాలామంది జుట్టు ఆరబెట్టే యంత్రంతో రెండు నిమిషాల్లో ఆరబెట్టేస్తారు. నా దగ్గరా ఒకటుంది, వాడను. మధుమేహం ఉన్నవాళ్ళు ఒకే చోట కూర్చుండిపోకూడదు, అరగంటకోసారైనా లేచి కాస్త కదలాలి అంటారు. గడియారం మోగితే లేచే రకాన్ని కాను నేను. మోగినప్పుడల్లా 'ఈ ఒక్క ఆకు' అనుకుంటాను, ఆ ఒక్క ఆకు తర్వాత చెట్టు మొత్తం ఉంటుంది. తడి కాగితం మాట మాత్రం వింటాను. అక్కడ కూర్చుంటే పాడు చేస్తానని తెలుసు కాబట్టి లేచి బయటికి నడుస్తాను.

కండరాలు పనిచేస్తున్నప్పుడు ఇన్సులిన్ పిలుపు కోసం ఎదురుచూడకుండానే రక్తంలోని గ్లూకోజును లోపలికి తీసుకుంటాయట. ఈ సంగతి తెలిసినప్పుడు నాకు భలే సంతోషం వేసింది. ముందు తలుపు తాళం మొరాయిస్తున్న ఇంటికి పెరటి తలుపు ఒకటి తెరిచే ఉందన్నమాట. ఈరోజు ఆ పెరటి దారినే పాతిక నిమిషాలు నడిచి వచ్చాను. ఆకాశం ఆరింది. ఎడమ మూల ఒక చోట పూస తెగినట్టుంది, అక్కడ మబ్బు పెట్టేస్తే సరిపోతుంది.

మధ్యాహ్నం భోజనం మామూలే: పళ్ళెంలో సగం కూరగాయలు, పావు వంతు మాంసకృత్తులు, పావు వంతు పిండి పదార్థాలు. దీని గురించి రాయడానికి ఇంతకన్నా ఏమీ లేదు, ఉంటే బాగుండేది.

భోజనం తర్వాత మబ్బు పని పెట్టుకున్నాను. తినడం మొదలుపెట్టిన రెండు గంటలకు మళ్ళీ పరీక్ష. ఇక్కడ బొమ్మలు వేసేవాళ్ళు గుర్తుపెట్టుకోవలసిన ముచ్చట ఒకటుంది. నీటి రంగులను కాగితానికి పట్టి ఉంచేది తుమ్మజాతి చెట్ల జిగురు. బిళ్ళలు ఎండి పగుళ్ళు ఇవ్వకుండా కొన్ని కంపెనీలు అందులో తేనె కూడా కలుపుతాయి. ఇప్పటి స్ట్రిప్పులకు కావలసిన రక్తం ఒక మైక్రోలీటరు కూడా ఉండదు. అంత చిన్న బొట్టులో వేలి మీది తీపి రవ్వంత కలిసినా అంకె ఎగిరి కూర్చుంటుంది. పండు తిన్న చేతితో పరీక్ష చేసుకోవద్దని అందరికీ చెబుతారు, రంగుల చేతితో వద్దని ఎవరూ చెప్పరు. సబ్బుతో కడిగి బాగా తుడుచుకున్నాకే చేస్తాను. తడి ఉన్నా తప్పే, బొట్టు పలచబడుతుంది. 171. భోజనం తర్వాత 180 లోపే ఉండాలి కాబట్టి ఫరవాలేదు. గోళ్ళ సందుల్లో నీలం మాత్రం పోలేదు.

సాయంత్రం అక్క ఫోను చేసింది. అక్కకు నాకన్నా ముందే వచ్చింది షుగరు. మా నాన్నకూ ఉండేది, టైప్ 2 ఇలా కుటుంబాల్లో నడుస్తుంది. అక్క క్రోషియా అల్లుతుంది, మా ఇళ్ళలో ఆవిడ శాలువా కప్పుకోని పసిపాప లేదు. రెండు నెలలుగా కుడిచేతి ఉంగరపు వేలు మడిస్తే తెరుచుకోవడం లేదు. ఎడమచేత్తో పట్టి లాగితే టక్కున శబ్దం చేసి తెరుచుకునేది. ట్రిగ్గర్ ఫింగర్ అంటారు. వేలిని కదిలించే స్నాయువు తన గొట్టంలో సాఫీగా జారక ఇరుక్కుంటుంది. మధుమేహం ఉన్నవాళ్ళలో ఇది ఎక్కువ, భుజం బిగుసుకుపోవడమూ అంతే. రక్తంలో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే అది స్నాయువుల్లో ఉండే కొల్లాజెన్ అనే మాంసకృత్తికి అతుక్కుని ఆ కణజాలాన్ని గట్టిపరుస్తుంది. కళ్ళూ మూత్రపిండాలూ పాదాలూ అని అందరూ హెచ్చరిస్తారు కానీ, చేతుల ఊసు ఎత్తేవాళ్ళు తక్కువ. చేతిపని మీద బతికే ప్రాణాలకు మొదట తెలిసేది అక్కడే. రెండు అరచేతులూ కలిపి నొక్కి చూసుకోవచ్చు. వేళ్ళు పూర్తిగా ఆనకుండా మధ్యలో సందు మిగిలితే డాక్టరుకు చూపించాలి.

"సూది వేశారురా. స్టిరాయిడ్ అట. నాలుగైదు రోజులు షుగర్ పెరుగుతుంది, కంగారు పడకుండా రోజుకు రెండుమూడుసార్లు చూసుకోమన్నారు. నిన్న 260 చూసి నాకే భయమేసింది."

"డాక్టరు గారికి చెప్పావా?"

"చెప్పాను. ఊహించినదే అన్నారు, ఇంకా పెరిగితే వెంటనే చేయమన్నారు. వేలు మాత్రం తెరుచుకుంటోంది. లావు పిడి ఉన్న క్రోషియా సూది తెప్పించుకున్నాను, సన్నటిది పట్టుకుంటే మళ్ళీ బిగుస్తుందట."

అక్క ఊలు సంచిలో గ్లూకోజు బిళ్ళలు ఎప్పుడూ ఉంటాయి. ఆవిడ వేసుకునే మాత్రల్లో ఒకటి షుగరును మరీ దించేయగలదు. అల్లికలో పడితే అక్కకు వేళాపాళా ఉండదు. ఒకసారి భోజనం వేళ దాటిపోయి, కుట్లు లెక్క పదేపదే తప్పుతుంటే అనుమానం వచ్చి చూసుకుందట, 62. వెంటనే 15 గ్రాముల గ్లూకోజు, 15 నిమిషాలు ఆగి మళ్ళీ పరీక్ష. 70 దాటాక భోంచేసి, తప్పిన వరుసలన్నీ విప్పి మళ్ళీ అల్లిందట. చేతులు వణకడం, చెమట పట్టడం అందరికీ తెలిసిన లక్షణాలు. అక్కకు మాత్రం ముందుగా చెప్పేది కుట్ల లెక్కే.

ఇక మా పాత గొడవకు వచ్చాం. నా హెచ్‌బీఏ1సీ ఈసారి 7.4 నుంచి 6.8కి దిగింది. రక్తంలోని ఎర్రకణాలకు ఎంత చక్కెర అంటుకుందో చూసే పరీక్ష అది. ఎర్రకణం ఆయుష్షు సుమారు 120 రోజులు కాబట్టి ఆ పరీక్ష రెండు మూడు నెలల షుగరు సగటును చెబుతుంది, ఒక పూట ఉపవాసంతో దాన్ని బుట్టలో వేసుకోలేం. అక్క లెక్కలో ఇదంతా బొమ్మల మహిమ.

"మనసు కుదుటపడితే షుగరూ కుదుటపడుతుంది. నీ బొమ్మలే నీ మందు."

"నడక, మాత్రలు, తగ్గించిన తిండి, ఇవన్నీ ఏమయ్యాయి? ఘనత బొమ్మలకు కట్టబెడితే, వచ్చేసారి 7.2 వచ్చిందనుకో, నేరం కూడా వాటి మీదే పడుతుంది."

"నీకన్నీ వాదనలే."

వాదనే. కానీ నేను మాట మార్చుకోను. ఆందోళన పెరిగితే కార్టిసాల్ పెరుగుతుంది, దానితో చక్కెరా పెరుగుతుంది, కాదనను. బొమ్మ వేయడం నన్ను నడిపించేది కూడా నిజమే. అయినా రోజంతా తిన్నదీ నడిచినదీ నిద్రపోయినదీ అన్నీ ఒక పుస్తకంలో అంకెలై కూర్చుంటున్నాయి. ఆ పుస్తకంలో గడి లేని పని ఒక్కటైనా ఉండాలి నాకు. ఆకాశం బాగా వచ్చిందా లేదా అన్నదానికి ఏ పరీక్షా వద్దు.

ఫ్రెంచి చిత్రకారుడు పాల్ సెజాన్ విషయంలోనూ నాకు ఇదే చిరాకు. ఆయనకు 1890 ప్రాంతంలో మధుమేహం ఉన్నట్టు తెలిసింది. అప్పటికి ఇన్సులిన్ లేదు, దాన్ని 1921లో గానీ కనిపెట్టలేదు. ఆ ఒంటితోనే ఇంచుమించు చివరి దాకా ఆరుబయట నిలబడి తన ఊరి దగ్గరి సెయింట్ విక్టోయిర్ కొండను మళ్ళీ మళ్ళీ వేశాడు. 1906 అక్టోబరులో బొమ్మ వేస్తూ గాలివానలో తడిసి, వారం తిరిగేసరికి పోయాడు. ఆ చివరి నీటి రంగుల కొండల్లో కాగితం తెలుపు ఎంత చోట వదిలేశాడో చూస్తే నాకు మతిపోతుంది. వాటిని చూసి కళ్ళ జబ్బు గురించి మాట్లాడేవాళ్ళున్నారు. జబ్బు ఆయనకు కదా, కొండకు కాదు.

కళ్ళంటే గుర్తొచ్చింది, వచ్చే వారం నా ఏడాది పరీక్ష. కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేస్తారు, కొన్ని గంటలపాటు దగ్గరివన్నీ అలుక్కుపోయి, వెలుతురు గుచ్చుకుంటుంది. ఆరోజు కుంచె పట్టే పని లేదు. ఈలోగా ఈ బొమ్మ ముగించాలి. కంటి వెనక పొర అయిన రెటీనాలో మొదట వచ్చే మార్పులు మనకు తెలియకుండానే వస్తాయి కాబట్టి, బాగానే కనిపిస్తోంది కదా అని మానుకునే పరీక్ష కాదు అది.

రాత్రి భోజనంతో రెండో మాత్ర, మెట్‌ఫార్మిన్. 1957లో ఫ్రాన్సులో తొలిసారి మధుమేహానికి వాడారు దీన్ని. దీని పుట్టుపూర్వోత్తరాలు వెతుక్కుంటూ పోతే గలేగా అఫిసినాలిస్ అనే మొక్క దగ్గర తేలుతాం. అందులోని ఒక పదార్థం రక్తంలో చక్కెర తగ్గిస్తుందని తెలిశాకే, దానికి బంధువులైన మందులు ప్రయోగశాలల్లో తయారయ్యాయి. మొక్క విషపూరితమే, తిన్న గొర్రెలు చచ్చిపోతాయట. ఫోటోలు చూశాను. చిక్కుడు జాతి ఆకులు జంటలు జంటలుగా, కొమ్మ చివర గుత్తిగా లేత ఊదా పూలు, కొన్ని రేకులు దాదాపు తెలుపు. ఆ ఊదాకు నా పెట్టెలోని నీలంలో కాస్త గులాబీ కలిపితే చాలు, తెలుపు కోసం కాగితాన్నే వదిలేయాలి. పెన్సిలుతో ఒక కొమ్మ గీసి పెట్టుకున్నాను. అక్కకు మాత్రం చూపించను. మందు మొక్క బొమ్మ వేస్తున్నానని తెలిస్తే వచ్చే పండుగ దాకా నన్ను వదలదు.