క్రాకో రైల్లో కానొవర్ శ్రోత

పోలండ్ రాజధాని వార్సా గురించి రాయడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. పాత ఊరు చూశాం, షోపెన్ మ్యూజియం చూశాం, వానలో తడిశాం. స్టేషన్లో బాత్రూంకి కూడా డబ్బు కట్టాలి. వాళ్ల జ్లోటీ ఒక్కటి మన ఇరవై రూపాయల పైమాటే కాబట్టి ప్రతిదీ మనసులో గుణించుకుని ఉసూరుమంటూ తిరిగాను. "లెక్కలు ఆపు నాన్నా, వచ్చిందే చూడ్డానికి కదా" అని మా అమ్మాయి విసుక్కుంది కూడా. నేను రాయాలనుకున్నదల్లా వార్సా నుంచి క్రాకో వెళ్లిన రైలు గురించి, ఆ రైల్లో నా ఎదురుగా కూర్చున్న పెద్దాయన గురించి.

రైలెక్కగానే అమ్మాయి చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిద్రపోయింది. రెండున్నర గంటల ప్రయాణం. కిటికీలోంచి చూస్తే చదునైన పొలాలు, బిర్చ్ చెట్లు, మళ్లీ పొలాలు. తిండి బోగీకి వెళ్లి టీ తెచ్చుకున్నాను. దాని ధర చెప్తే మా ఇంట్లో నన్ను మళ్లీ దేశం దాటనివ్వరు. ఎదుటి సీటాయనకి ఎనభై ఏళ్లుంటాయి. బూడిదరంగు కోటు, మోకాళ్ల మీద మడిచిన పేపరు. "ఇండియాలో ఏ ప్రాంతం?" అని ఇంగ్లీషులో అడిగాడు. ఆంధ్ర అని చెప్పి, విజయవాడ ఎక్కడుందో గాల్లో వేలితో గీసి చూపించాను.

నన్ను ఆశ్చర్యపరిచింది ఆయన ఇంగ్లీషు. అక్కడ ఆ వయసువాళ్లకి రష్యనో జర్మనో వచ్చి ఉంటుంది గానీ ఇంగ్లీషు అరుదు. ఈయనేమో ఒక్కో మాటా విడదీసి, తొందర లేకుండా, అమెరికన్ యాసలో, బరువైన గొంతుతో మాట్లాడుతున్నాడు. ఎక్కడ నేర్చుకున్నారని అడిగాను. "రేడియోలో. రాత్రిపూట. అమెరికా ప్రభుత్వ రేడియో వాయిస్ ఆఫ్ అమెరికాలో జాజ్ సంగీత కార్యక్రమం వచ్చేది" అన్నాడు.

"విల్లిస్ కానొవరా?" అన్నాను.

ఆయన చేతిలో కప్పు అలాగే ఆగిపోయింది. ఇండియావాడి నోట ఆ పేరు వస్తుందని ఆయన ఊహించలేదు. ఆ జాజ్ కార్యక్రమం నడిపినాయన పేరు నాకు మాత్రం చిన్నప్పటి నుంచీ తెలిసిందే. మా మేనమామ వాల్తేరులో రైల్వే ఉద్యోగి. మధ్యాహ్నాలు మా అత్తయ్య రేడియో సిలోన్ పెట్టుకుని, అందులో తెలుగు పాటలు వేసే మీనాక్షి పొన్నుదురై గొంతు కోసం ఎదురుచూసేది. రాత్రి పదయ్యాక రేడియో మామయ్యది. ముల్లు జరుపుతూ, గరగరలో వెతుకుతూ, షార్ట్ వేవ్‌లో ఎక్కడో ఆ స్టేషన్ పట్టేవాడు. సంగీతం సంగతి నాకు తెలిసేది కాదు. ఆ గొంతు మాత్రం గుర్తుండిపోయింది. ఆయన "దిసీజ్ విల్లిస్ కానొవర్" అన్నాక ఇంట్లో ఎవరూ మాట్లాడకూడదు. 1963లో అమెరికన్ జాజ్ విద్వాంసుడు డ్యూక్ ఎల్లింగ్టన్ బృందం మన దేశానికి వచ్చినప్పుడు హైదరాబాదులో కూడా వాయించింది. సెలవు దొరక్క వెళ్లలేకపోయానని మామయ్య చివరిదాకా బాధపడ్డాడు.

ఇవన్నీ చెప్తే పెద్దాయన పేపరు పక్కన పెట్టేశాడు. ఇక క్రాకో దాకా మా ఇద్దరికీ అదే కబురు.

కానొవర్ 1955 జనవరిలో ఆ కార్యక్రమం మొదలుపెట్టాడు. పేరు 'మ్యూజిక్ యూఎస్ఏ'. అందులో జాజ్ గంటకి ముందు ఎల్లింగ్టన్ బృందం వాయించిన 'టేక్ ది ఏ ట్రెయిన్' వచ్చేది. బిల్లీ స్ట్రేహార్న్ న్యూయార్కు సబ్‌వే లైను పేరు మీద కట్టిన పాట అది. తర్వాత వార్తలు, ఆ తర్వాత ముప్పావుగంట సంగీతం. 1996లో పోయేదాకా, అంటే నలభై ఏళ్లకి పైగా, ఆయన ఆ పని వదల్లేదు. రాజకీయం మాట్లాడేవాడు కాదు. ఈ పాట ఎవరు కట్టారు, ట్రంపెట్ ఎవరిది, ఏ ఏడు రికార్డు చేశారు, ఇంతే. వినేవాళ్లకి ఇంగ్లీషు సరిగ్గా రాదని, మధ్యలో షార్ట్ వేవ్ గరగర ఉంటుందని ఆయనకి తెలుసు. అందుకే మాటకీ మాటకీ మధ్య ఎడం ఇచ్చేవాడు. ఆ ఎడమే ఈ పెద్దాయన నోట్లో ఇప్పటికీ ఉంది. ఇంగ్లీషు పంతులు ఎవరంటే ఆయన కానొవర్ పేరే చెప్తాడు.

పోలండ్‌లో స్టాలిన్ కాలంలో జాజ్ అంటే శత్రువుల సంగీతం. వాయించేవాళ్లు ఇళ్లలో, తలుపులు మూసుకుని వాయించేవారు. క్రిస్తోఫ్ కొమెదా చెవి ముక్కు గొంతు డాక్టరు. అసలు ఇంటిపేరు ట్ష్చిన్‌స్కీ. జాజ్ వాయిస్తాడని ఆసుపత్రిలో తెలియకూడదని కొమెదా అన్న పేరు పెట్టుకుని పియానో ముందు కూర్చున్నాడు. 1956లో సొపోత్ ఊళ్లో మొదటి జాజ్ ఉత్సవం జరిగినప్పుడు ఆయన బృందం అక్కడ వాయించింది. అలాంటి రోజుల్లో ఇంట్లో రేడియో ముందు పిల్లవాడు కూర్చుని అమెరికా స్టేషన్ పెట్టుకోవడమంటే మాటలు కాదు.

పెద్దాయన చెప్పిన ఆ గది నా కళ్లకి కట్టింది. ఒకే గదిలో అమ్మ, నాన్న, అన్నయ్య, తను. అమ్మానాన్నలు నిద్రపోయారని తేలాక అన్నయ్య రేడియో మీద దుప్పటి కప్పి, తామిద్దరూ ఆ దుప్పట్లో తలలు దూర్చేవారట. రేడియో మీద ఒక పచ్చ కన్ను. స్టేషన్ సరిగ్గా దొరికితే ఆ పచ్చ వెలుగు రెండు వైపుల నుంచీ దగ్గరికి మూసుకునేది. కానొవర్ చెప్పే పేర్లు ఎలా వినిపిస్తే అలా పోలిష్ అక్షరాల్లో లెక్కల నోటుబుక్కు వెనక పేజీల్లో రాసుకునేవారు. టీతో ఇచ్చిన కాగితం న్యాప్‌కిన్ తీసుకుని, డిజ్జీ గిలెస్పీ పేరు అప్పుడు ఎలా రాశాడో నాకు రాసి చూపించాడు. దాని కింద థెలోనియస్ మంక్. అది పేరని నమ్మడానికి తనకి ఏడాది పట్టిందన్నాడు. రేడియో దీపాలు వేడెక్కి దుప్పటి కాలిన వాసన వచ్చిన రాత్రి నాన్నకి దొరికిపోయారు. నాన్న తిట్టలేదు. ఆ మర్నాటి రాత్రి నుంచి ఆయన కూడా వినడం మొదలుపెట్టాడు, అయితే దుప్పటి తీయించి.

1959లో కానొవర్ స్వయంగా వార్సా వచ్చాడు. విమానం దిగి చూస్తే పూలతో, కెమెరాలతో, టేప్ రికార్డర్లతో జనం. తనతోపాటు ఎవరో పెద్దమనిషి వచ్చాడు కాబోలనుకున్నాడు. వాళ్లంతా తన కోసమే వచ్చారు. ఆ గుంపులో ఈ పెద్దాయన అన్నయ్య కూడా ఉన్నాడు. తమ్ముడు చిన్నవాడని తీసుకెళ్లలేదట. అరవై ఏళ్లు దాటినా ఆ మాట చెప్తున్నప్పుడు ఆయన గొంతులో కోపం తగ్గలేదు. అంతకు ముందు ఏడాది అమెరికన్ జాజ్ పియానో విద్వాంసుడు డేవ్ బ్రూబెక్ బృందం పోలండ్ వచ్చినప్పుడూ అంతే, టిక్కెట్టు అన్నయ్యకే. అదే పర్యటనలో బ్రూబెక్ అటు నుంచి మన దేశం వచ్చి మద్రాసులో కూడా వాయించాడని చెప్తే, "అయితే మీ ఇంట్లో కూడా ఎవరో ఒకరు వెళ్లలేకపోయి ఉంటారు" అన్నాడు. నవ్వుకున్నాం.

నాకు నిజంగా కష్టం కలిగించిన సంగతి ఒకటుంది. ఈ మనిషి ఎవరో అమెరికాలో మామూలు జనానికి తెలియదు. వాయిస్ ఆఫ్ అమెరికా స్వదేశంలో ప్రసారం చేయకూడదని 1948లో చట్టం తెచ్చారు. దాన్ని సడలించింది 2013లో. అప్పటికి కానొవర్ పోయి పదిహేడేళ్లు. మాస్కోలో, వార్సాలో, వాల్తేరులో రాత్రుళ్లు మేలుకుని విన్న గొంతుని అమెరికాలో ఆయన పక్కింటివాళ్లు మామూలు రేడియోలో వినే వీల్లేకపోయింది. పైగా ఆయన అక్కడ ఖాయం ఉద్యోగి కూడా కాదు, కాంట్రాక్టు మనిషి. ఒక మనిషి పని అంతా పరాయి ఊళ్లలోనే మిగిలిపోవడం నాకు న్యాయంగా అనిపించడం లేదు.

క్రాకోలో దిగాక పెద్దాయన నా చెయ్యి గట్టిగా పట్టుకుని ఊపి, ఫ్లోరియాన్‌స్కా వీధిలో యానుష్ మున్యాక్ పెట్టిన క్లబ్బుకి వెళ్లమన్నాడు. మున్యాక్ సాక్సోఫోన్ విద్వాంసుడు, 2016లో పోయాడు. క్లబ్బు ఇంకా నడుస్తోంది. మర్నాడు కోట చూశాం, ఉప్పు గనికి వెళ్లాలన్నది మా అమ్మాయి పట్టు. నాకు మాత్రం ఎప్పుడు చీకటి పడుతుందా అని ఆత్రం. మెట్లు దిగితే ఇటుక కమానుల నేలమాళిగ. ప్రవేశ రుసుము గురించి ఈసారి గుణించలేదు. బేస్ వాయిస్తున్న కుర్రాడికి పాతికేళ్లు కూడా ఉండవు. నలుగురూ ముందు పల్లవిలాంటిది కలిసి వాయించి, తర్వాత ఒక్కొక్కరూ విడిగా అల్లుకుంటూ పోయి, మళ్లీ ఒక్క దెబ్బకి కలిశారు. జాజ్ గురించి కానొవర్ చెప్పేది కూడా ఇదే: శ్రుతి, తాళం, స్వరాల వరుస అందరూ ఒప్పుకున్నాక ఎవరికి తోచింది వాళ్లు వాయించుకోవచ్చు. నిషేధాల మధ్య బతికినవాళ్లకి ఇందులో ఏం వినిపించి ఉంటుందో ఆ నేలమాళిగలో కూర్చున్నాక నాకు అర్థమైంది. మా మామయ్య బతికి ఉంటే ఆ రాత్రి ఆయన్నే తీసుకెళ్లేవాణ్ణి.

బయటికొచ్చాక ఫోనులో వెతికితే కానొవర్ టేపులు, కాగితాలు టెక్సాస్‌లో డెంటన్ ఊళ్లోని నార్త్ టెక్సాస్ విశ్వవిద్యాలయంలో ఉన్నాయని తెలిసింది. డెంటన్ అంటే డల్లాస్ పక్కనే. మన తెలుగువాళ్లు ఇళ్లు కొనుక్కున్న ఫ్రిస్కో నుంచి కారులో గంట కూడా పట్టదు. మా పిన్ని కొడుకు అక్కడే ఉంటాడు. వెంటనే ఫోన్ చేశాను. "ఎవరన్నయ్యా ఆయన?" అన్నాడు. పాత ఇంట్లో మామయ్య రేడియో గుర్తుందా అని అడిగితే గుర్తుందన్నాడు. ఆదివారం కాకుండా లైబ్రరీ తెరిచి ఉండే రోజు చూసుకుని, పిల్లల్ని కూడా తీసుకుని వెళ్లమని చెప్పాను. శుక్రవారం సెలవు పెడతానన్నాడు.