మెట్ల వెనక మనుషులు

కరపత్రంలో ఆట రాత్రి 10 గంటలకని ఉంటుంది. ఒడిశాలోని గంజాం జిల్లా పల్లెల్లో ప్రహ్లాద నాటకం ఎత్తుకునేసరికి పదకొండు దాటుతుంది, హిరణ్యకశిపుడి పని అయ్యేసరికి తెల్లారుతుంది. ఆట ఒక్కటే చాలనుకునేవాళ్లు అన్నం తిని తాపీగా వెళ్లొచ్చు. దాన్ని నడిపించే సంఘాన్ని చూడాలంటే మాత్రం మధ్యాహ్నం మూడింటికల్లా ఊళ్లో ఉండాలి. మేం ఆ లెక్కనే బయల్దేరాం.

ఆంధ్ర వైపు ఇచ్ఛాపురం ఆఖరి పెద్ద స్టేషను. అక్కణ్ణుంచి బరంపురం సుమారు 25 కిలోమీటర్లు. టికెట్టు మీదా బోర్డు మీదా ‘బ్రహ్మపూర్’ అని ఉంటుంది. చికిటి, దిగపహండి వైపు బస్సులు హల్దియాపదర్ కొత్త బస్టాండులో దొరుకుతాయి. చీకటి పడ్డాక పల్లెలకు బస్సుల మీద ఆశ పెట్టుకోకూడదు. ఆటో మాట్లాడుకుంటే తిరుగు ప్రయాణం తెల్లవారుజామునని ముందే చెప్పాలి, లేకపోతే అర్ధరాత్రి ఆటోవాడు వచ్చి పక్కన నిలబడతాడు. భాష గురించి దిగులక్కర్లేదు. ఒడియా సాహి (వీధి) పక్కనే తెలుగు సాహి ఉన్న ఊళ్లు ఈ వైపు బోలెడు. మేం వెళ్లింది అలాంటి ఊరికే. ఊరి పేరు, సంఘం పేరు, మనుషుల పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

ఒడియా నాటకంలో తెలుగువాళ్లకేం పనని అడిగేవాళ్లకు రెండు ముక్కలు. ఈ నాటకం జలంత్ర రాజు రామకృష్ణ ఛోటరాయ్ పేరు మీద ఉంది, 19వ శతాబ్దం రెండో సగంలో పుట్టింది. అసలు రాసినవాడు గోపీనాథ పరీచ్ఛా అని పండితుల మాట. ఆ జలంత్రకోట ఇప్పుడు మన శ్రీకాకుళం జిల్లాలో, కంచిలి దగ్గరుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరుపడేదాకా ఇటూ అటూ మద్రాసు ప్రెసిడెన్సీ కిందే. గీత గీశాక కోట ఇటు పడింది, చికిటి, సురంగి, జరడ జమీందారీలు అటు పడ్డాయి. పాత్ర రాగానే దాని పరిచయం పాటను గాహకుడు, అంటే ఆటను నడిపే గాయకుడు, ఎత్తుకుంటాడు. యక్షగానం తెలిసిన చెవికి అది ప్రవేశ దరువే.

మూడింటికి వెళ్తే ముందు కనిపించేది వడ్రంగి. ఈ నాటకానికి బల్లపరుపు స్టేజీ పనికిరాదు. ఒక పక్క మెట్లు, మెట్ల ముందు ఖాళీ నేల, ఆ నేలకు మూడు పక్కలా జనం. పై మెట్టు మీద రాజు హిరణ్యకశిపుడి సింహాసనం. రాజు ఎక్కడమూ దిగడమూ అంతా గజ్జెలతో, తాళానికి తప్పకుండా, జనం వైపు చూస్తూనే. కాళ్ల కేసి చూసుకున్నాడంటే రాజు కాదు, మెట్లు దిగుతున్న ముసలాడే. అంచేత వేషగాడి నడుము వడ్రంగి చేతిలో ఉంటుంది.

కొన్ని ఊళ్లలో మెట్లు మట్టితోనో సిమెంటుతోనో శాశ్వతంగా కట్టేసి ఉంటాయి. ఈ దళానిది విప్పి బిగించే చెక్క వేదిక: సరుగుడు చట్రం, మామిడి పలకలు, 5 మెట్లు. మెట్టు ఎత్తు 8 అంగుళాలు, అడుగు పెట్టే చోటు అడుగున్నర, పైది మాత్రం సింహాసనం పట్టాలి కనుక 4 అడుగులు. కింది మెట్టు 12 అడుగుల పొడవు, పైకి పోయేకొద్దీ తగ్గుతుంది. మేకులతో బిగిస్తే నాలుగు ఆటలకే వదులు. అడుగు పడ్డప్పుడల్లా మేకు తల కాస్త లేస్తుంది, దాని మీద చెప్పుల్లేని పాదం పడుతుంది. అందుకని బోల్టులే, నట్టు కింది వైపు. పలకల మధ్య చిటికెన వేలు దూరే సందుంటే గజ్జె ఇరుక్కుంటుంది. మామిడి చెక్క వానకు తడిసి ఎండితే దొప్పలా వంగుతుంది. వంగిన పలకను తిరగేసి బిగిస్తే సరిపోతుందనుకుంటారు గానీ, మధ్యలో బొడిపె లేచి అడుగు జారుతుంది. దాన్ని పక్కన పడేయాల్సిందే.

నేల పల్లంగా ఉంటే చట్రం కింద ఇటుక ముక్కలు పెట్టరు, అదురుకు పగులుతాయి. చెక్క ముక్కలు దోపి చుట్టూ తడి ఇసుక బస్తాలు వేస్తారు. మెట్ల ఎత్తుల్లో అరంగుళం తేడా కంటికి ఆనదు, కాలికి ఆనుతుంది. అందుకే అంతా బిగించాక వడ్రంగి తువ్వాలుతో కళ్లు కట్టుకుని వెనక్కీ ముందుకీ ఎక్కి దిగాడు. మూడో మెట్టు దగ్గర ఆగి, కుడి మూల చెక్క ముక్క మార్చి, మళ్లీ ఎక్కాడు.

“మెట్టు సమంగా నేకపోతే రాజూ నేడు, ఆటా నేదు బాబూ” అన్నాడు నట్టు బిగిస్తూ. ఆయనకు దళంలో ఒక వాటా ఉంది. వేషం కట్టేవాళ్లతో సమానం. ఈ సంఘం మీద మాకు గౌరవం కలిగింది అక్కడే. చాలా చోట్ల వడ్రంగికి కూలి ఇచ్చి పంపేస్తారు, మర్నాటి మెట్లు ఇంకొకడు కడతాడు.

ఊళ్లో భాగవతం చదువుకునే ఇంటిని భాగవత టుంగి అంటారు. అందులో నాలుగు ట్రంకు పెట్టెలుంటాయి. వాటి తాళాలు పెద్దమ్మ కొంగుకు. తెలుగు సాహి ఆవిడ, ఊరంతా పెద్దమ్మనే పిలుస్తుంది. రాజు మఖమల్ అంగరఖా, భుజకీర్తులు, లీలావతి రాణి చీర, చండామార్కుల పంచెలు, అన్నీ ఆవిడ చేతి మీదుగానే బయటికి వస్తాయి, లోపలికి వెళ్తాయి. లీలావతి వేషం కట్టేది మగవాడే. జాకెట్టు ప్రతి ఏడూ భుజాల దగ్గర పిగులుతుంది కాబట్టి ఆవిడ లోపల ముందే రెండంగుళాల గుడ్డ మడిచి ఉంచుతుంది.

చెమటే అసలు శత్రువు. ఆట అయ్యాక మఖమల్‌ను అలాగే మడిచి పెట్టెలో పెడితే రెండు రోజుల్లో బూజు. ఎండలో ఆరేస్తే రంగు విరుగుతుంది. లోపలి వైపు పైకి తిప్పి, నీడలో, గాలి తగిలే చోట పూర్తిగా ఆరేదాకా ఉంచాలి. జరీ పని ఉన్న చోట మడత పడకూడదు, అక్కడే తెగుతుంది. జరీ మీద అత్తరు చల్లకూడదు, నల్లబడుతుంది. కలరా ఉండలు జరీకి తగలకుండా గుడ్డ మూటలో కట్టి మూలన పెట్టాలి. పెట్టెలు నేల మీద ఉండవు, రెండు వరసల ఇటుకల మీద ఉంటాయి. “ఎండలో పడీమంటారేటమ్మా కుర్రోళ్లు! ఆళ్లకేటి తెలుసు” అని ఆవిడ రుసరుస. 2013 అక్టోబరులో ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటినప్పుడు టుంగి కప్పు లేచిపోయి నోటుబుక్కులు తడిశాయట. అప్పటి నుంచి పాటల పుస్తకాలు పెట్టెలో కాక గాహకుడి ఇంట్లో ప్లాస్టిక్ సంచీలో, దాని మీద ఎర్ర గుడ్డలో ఉంటున్నాయి. పేజీలన్నీ ఫోనులో ఫొటోలు కూడా తీసి ఇద్దరి దగ్గర దాచారు.

రంగులు వేసే అరుగు దగ్గర ఒక మార్పు గమనించాం. పాతకాలంలో ముఖానికి అర్దళం పూసేవారు. వెలుగుకు పసుపు పచ్చగా మెరిసేది, కానీ అది పాషాణం జాతిది. రాత్రంతా చెమటతో కళ్లలోకి, నోట్లోకి దిగేది. ఇప్పుడు కొబ్బరినూనె పట్టించి పై నుంచి బజారు పాన్‌కేక్ వేస్తున్నారు. నూనె ఎక్కువైతే రెండో జాముకే రంగు కారుతుంది. రాసిన నూనెను గుడ్డతో అద్ది తీసేశాకే రంగు ముట్టుకోవాలి.

గాహకుణ్ణి అందరూ మాస్టారంటారు. మొత్తం పాఠం ఒక్క రాత్రిలో పట్టదు, ఎక్కడ కోయాలో తేల్చేది ఆయనే. పుస్తకంలో పెన్సిలు గీతలు మూడు రకాలు: ఒక గీత ఉన్నది ఎప్పుడూ వదిలేది, రెండు గీతలది ఆలస్యమైతే వదిలేది, చుట్టు చుట్టినది ఏమైనా వదలనిది. రెండు దళాలు పోటీకి దిగితే ఈ గీతలేవీ పనిచేయవు, రాత్రుల మీద రాత్రులు నడుస్తుంది. పాముల వాళ్ల ఘట్టంలో జనం నవ్వుతుంటే దాన్ని సాగదీయాలా, ముగించాలా అన్నది కూడా ఆయన తాళాల చప్పుడుతోనే చెబుతాడు. పక్కన మర్దల (మద్దెల) వాయించే ఆయన నోటుబుక్కు తెరిస్తే పాటలు ఒడియావి, లిపి తెలుగు.

మర్దలకు మంచు పడదు. రెండు దాటాక తోలు చెమ్మ పీల్చి వదులవుతుంది, శ్రుతి కిందికి జారుతుంది. హార్మోనియం జారదు. ఆ తేడాతోనే గాహకుడి గొంతు తెల్లవారుజామున అపస్వరం పలికినట్టుంటుంది, తప్పు ఆయనది కాకపోయినా. అందుకని రెండో మర్దల బల్బు కింద వెచ్చగా పెట్టి ఉంచుతారు. నిప్పుల దగ్గర పెడితే తోలు బిగుసుకుపోయి పగులుతుంది. మార్చే సమయం రాజు సింహాసనమెక్కి కూర్చునే ఘట్టం. అప్పుడు జనం వాద్యాల వైపు చూడరు.

సాయంత్రం టుంగి అరుగు మీద లెక్కలాయన ఫైలు విప్పాడు. ఈయన లేకపోతే మిగతావాళ్లు ఎప్పుడో చెదిరిపోయేవాళ్లని మా నమ్మకం. సంఘం 1860 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదైంది. కనీసం 7 మంది సంతకాలు చాలు, అది కష్టం కాదు. కష్టం తర్వాత ఉంది. ఏటా సర్వసభ్య సమావేశం పెట్టి, ఆ తర్వాత 14 రోజుల్లోపు కార్యవర్గం జాబితా పంపాలి. పల్లె సంఘాలు ఎక్కువగా చతికిలపడేది ఇక్కడే. రెండు మూడేళ్లు జాబితా పంపరు, ఈలోగా అధ్యక్షుడు పోతాడు, బ్యాంకులో ఆయన సంతకమే ఉంటుంది, డబ్బు ఖాతాలో ఉన్నా చేతికి రాదు. వీళ్లు ముగ్గురి సంతకాలిచ్చి ఏ ఇద్దరివైనా చెల్లేలా పెట్టుకున్నారు. ఇంకో చిక్కు పేరుతో. రిజిస్ట్రేషన్ కాగితంలో ‘ప్రహల్లాద’ అని, పాన్ కార్డులో ‘ప్రహ్లాద’ అని పడితే స్వచ్ఛంద సంస్థల కోసం ప్రభుత్వం పెట్టిన దర్పణ్ పోర్టల్‌లో నమోదు ఆగిపోతుంది. దాన్ని సరిచేయించడానికి పట్టే కాలంలో ఒక కుర్రాడికి ప్రహ్లాదుడి పాత్ర నేర్పేయొచ్చు.

కేంద్ర సంస్కృతి మంత్రిత్వ శాఖ గురుశిష్య పరంపర పథకంలో గురువుకు నెలకు 15,000 రూపాయలు, శిష్యులకు వయసును బట్టి 2,000 నుంచి 10,000 దాకా ఉంటుంది. మంచిదే. కానీ ఆ దరఖాస్తులో వడ్రంగికి గడి లేదు, పెద్దమ్మకు గడి లేదు. సరిహద్దు గొడవ వేరే ఉంది. ఒడిశా కోల్‌కతాలోని తూర్పు మండల సాంస్కృతిక కేంద్రం కిందికి వస్తుంది, ఆంధ్ర తంజావూరు, నాగపూరు కేంద్రాల కిందికి. కంచిలి నుంచి వచ్చి ఇక్కడ హార్మోనియం వాయించే మనిషి ఏ జాబితాలో చేరాలన్నది ఆ ఫైలులో జవాబు లేని కాగితం.

ఆటకు వచ్చిన డబ్బు వాటాలుగా పంచుతారు. గాహకుడికి, రాజుకు రెండేసి, మిగతావాళ్లకు ఒకటి, పిల్లలకు అర. దేవుడికొకటి, పెట్టెకొకటి. పెట్టె వాటాలోంచే మఖమల్, రంగులు, బోల్టులు. లారీ కిరాయి, భోజనాలు పిలిచిన ఊరివే. ఏ రోజు ఎవరు ఊళ్లో ఉంటారో కూడా లెక్కలాయనే చూస్తాడు. గంజాం మగవాళ్లు చాలామంది సూరత్ మరమగ్గాల మీద ఉంటారు. అందుకని ప్రతి పాత్రకూ ఇద్దరు తయారుగా ఉండాలి. సూరత్‌లో ఉన్నవాడు పాఠం ఫోనులో విని నేర్చుకుంటాడు. మాటలు వస్తాయి, మెట్లు రావు. ఊరొచ్చాక కనీసం మూడు రాత్రులు మెట్ల మీద తిప్పకుండా వేషం కట్టనివ్వరు. చైత్రంలో మేష సంక్రాంతికి ముందు దండనాట వ్రతం నడిచే రోజుల్లో దళంలో సగం మంది ఆ దీక్షలో ఉంటారు. అప్పుడు ప్రహ్లాద నాటకం కోసం వచ్చి ప్రయోజనం లేదు.

ఆట మధ్యలో నిద్ర వస్తే పడుకోండి, కానీ మూడున్నరకు లేవాలి. నరసింహుడి ముఖం గుడిలోంచి అప్పుడే బయల్దేరుతుంది. చెక్కతో చెక్కింది, పూజ అందుకునేది. దాన్ని వేదిక బయట అడగకుండా ఫొటో తీయడం ఈ ఊళ్లో కుదరదు. పెట్టుకునేవాడు ఆ రోజంతా ఉపవాసం. కంటి చీలికల్లోంచి ముందున్న రెండు గజాలే కనిపిస్తాయి, పక్కలు కనబడవు. పైగా ఒంటి మీద స్పృహ తప్పుతుంది. అందుకే నడుముకు తాడు కట్టి వెనక నలుగురు పట్టుకుంటారు. తాడు పొట్ట పైకి కడితే లాగినప్పుడు ఊపిరాడదు, మరీ కిందికి కడితే ముందుకు బోర్లా పడతాడు. తడి పంచెను బొడ్డు దగ్గర రెండు చుట్లు చుట్టి దాని మీద తాడు వేశారు. వెదురు తడకకు రంగు గుడ్డ చుట్టిన స్తంభం పగలగానే నలుగురిలో ఒకడి చూపు నరసింహుడి మీద ఉండదు, రాజు మీద ఉంటుంది. చెయ్యి రాజు ఒంటి మీద పడీ పడకముందే ఇద్దరు వెనక నుంచి రాజును లాగేస్తారు. ఒక్క క్షణం ఆలస్యమైతే గోళ్లు నిజంగానే దిగుతాయి. ముఖం తీసి నీళ్లు తాగించేదాకా తాడు వదలరు.

వెలుగు రాగానే వడ్రంగి విప్పడం మొదలుపెడతాడు. బోల్టులు డబ్బాలో వేస్తూ లెక్కపెడతాడు. ఆ రోజు ఒకటి తగ్గితే ఇద్దరు పిల్లలను మెట్ల కింద వెతకమన్నాడు, దొరికాకే లారీ ఎక్కించాడు. సంఘానికి ఏమైనా ఇవ్వాలనుకునేవాళ్లు ఆట మధ్యలో వేషగాడి ఒంటికి నోటు గుచ్చకుండా ఈ వేళకు టుంగి దగ్గరికి వెళ్లండి. గుచ్చిన నోటు ఆ ఒక్కడిదవుతుంది, లెక్కలాయన చేతికిచ్చింది పెట్టె వాటాలో పడుతుంది. రసీదు ఒడియాలో రాస్తారు. పేరు సరిగ్గా పడిందో లేదో అక్కడే చదివించుకోవడం మంచిది.