పెల్లెట్ పొయ్యి సంరక్షణ: బస్తా నుంచి బూడిద దాకా

దసరా తర్వాత

పొయ్యి మళ్లీ రోజూ వెలుగుతోంది. పొద్దున స్నానాలకు నీళ్లు, సాయంత్రం పప్పు, ఆదివారం మాంసం కూర దీని మీదే. వంటింట్లో గ్యాస్ పొయ్యి ఉంది, దాన్ని మానేసే ఉద్దేశం ఎవరికీ లేదు. ఇది నా సరదా. సరదా అన్నాక పద్దు రాసుకోకపోతే మనసొప్పదు.

కిందటేడు రాసుకున్నవన్నీ తిరగేస్తే ఒకే మాట తేలింది. ఎన్నాళ్లకోసారి తుడవాలో తెలియాలంటే పొయ్యిని కాక పెల్లెట్ల బస్తాను, అంటే పొట్టునో ఊకనో ఒత్తి చేసిన చిన్న కడ్డీల బస్తాను, చూడాలి. ఈ ఏడు ఆ సంగతేదో తూకం వేసి చూడాలనుకున్నాను.

ముందు పొయ్యి గురించి. నల్లగొండలో మా ఇంటి వెనక వరండాలో, మూడు వైపులా గాలి ఆడే చోట ఉంటుంది. పైన స్టీలు తొడుగు, లోపల సిరామిక్ పూత ఉన్న కుండీ, అడుగున పోత ఇనుప జాలీ, దాని కింద బూడిద ట్రే, పక్కన 12 వోల్టుల చిన్న ఫ్యాను. కుండీలో కిలో పెల్లెట్లు పోసి, పైన కొంచెం కొబ్బరి పీచు పెట్టి అంటిస్తాం. ఫ్యాను గాలి రెండు దారులు పడుతుంది. కొంత జాలీ కింది నుంచి పైకి వచ్చి, పెల్లెట్లను కాల్చి వాయువు పుట్టిస్తుంది. మిగతాది తొడుగుకూ కుండీకీ మధ్య సందులోంచి ఎక్కి, అంచు దగ్గరి చిన్న రంధ్రాల నుంచి దూకి ఆ వాయువును మండిస్తుంది. కళ్ల ముందు ఎగిసే మంట నిజానికి ఆ వాయువుదే. సెగ మాత్రం పైనుంచి మెల్లగా కిందికి దిగుతూ ఉంటుంది. ఇలా పైనుంచి అంటించే పద్ధతి 1985 ప్రాంతంలో థామస్ రీడ్ అనే అమెరికా శాస్త్రవేత్తకు వచ్చిన ఆలోచన. మన దేశంలో ఫ్యాను పెల్లెట్ పొయ్యిల వెనక బెంగళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వారి పరిశోధన ఉంది.

ఈ రెండు గాలి దారులూ తెరిచి ఉన్నంత కాలం పొయ్యికి ఏ రోగమూ రాదు. శుభ్రం చేయడమంటే ఇంతే. బయటి స్టీలు తళతళలాడిస్తే వచ్చిన అతిథికి బాగుంటుంది, మంటకేమీ ఒరగదు.

నవంబరు: తూకం

మూడు రకాల పెల్లెట్లు తెచ్చాను. ఒకటి పల్లి పొట్టుది. పాత మహబూబ్‌నగర్ జిల్లాలో గద్వాల, వనపర్తి, అచ్చంపేట వైపు వేరుశనగ విరివిగా పండుతుంది కాబట్టి దానికి కరువు లేదు. రెండోది మిర్యాలగూడ వైపు నుంచి వచ్చిన ఊకది. అక్కడ రైస్ మిల్లులు ఎన్నో, ఊక గుట్టలు అన్ని. మూడోది రంపపు పొట్టుది, కొంచెం ఖరీదు.

ఒక్కో రకం కిలో చొప్పున పోసి, మంట ఆరాక కూడా ఫ్యానును సన్నగా తిప్పి, బొగ్గు పూర్తిగా కాలేదాకా ఆగి, చల్లారిన బూడిదను వంటింటి తూకం మీద పెట్టాను. రంపపు పొట్టుకు 14 గ్రాములు మిగిలింది. పల్లి పొట్టుకు 46. ఊకకు 178! అంటే ఊక పెల్లెట్లు ఐదున్నర కిలోలు కాలిస్తే కిలో బూడిద ఎత్తి పోయాలన్నమాట.

బరువును మించిన తంటా ఒకటుంది. ఊక పెల్లెట్ కాలినా దాని ఆకారం పోదు. జాలీ మీద వేలెడు పొడుగున, బూడిద రంగులో, పెల్లెట్ పెల్లెట్‌లాగే నిలబడి ఉంటుంది. వేలితో తాకితే పొడి అయిపోతుంది, తాకకపోతే కదలదు. ఊకలో ఉండే సిలికా (ఇసుకలో ఉండే పదార్థమే) అంతా అస్థిపంజరంలా మిగిలిపోవడమే దీనికి కారణం. తనంతట తాను జాలీలోంచి రాలదు కాబట్టి కింది గాలి ఆగిపోతుంది, రెండో వాయికి మంట నీరసిస్తుంది. ఊక వాడితే ప్రతి వాయికీ జాలీ దులపాల్సిందే. పల్లి పొట్టుకు రోజుకొకసారి చాలు. రంపపు పొట్టయితే రెండు మూడు రోజులు పలకరించకపోయినా ఏమీ అనుకోదు.

ఊక బూడిద సన్నగా లేచే దుమ్ము. అందులోని సిలికా ఊపిరితిత్తులకు మంచిది కాదు. దులిపేటప్పుడు ముక్కుకు మాస్క్ కట్టుకుంటాను, ట్రేలో పడ్డ బూడిద మీద నీళ్లు చిలకరించి ఎత్తుతాను. చల్లారిన ట్రేలోనే సుమా, వేడి కుండీ మీద నీళ్లు పడితే సిరామిక్ పూత పగులుతుంది.

అమెరికాలో ఉండే మా తమ్ముడి ఇంట్లో కూడా పెల్లెట్ స్టవ్ ఉంది. అది గది వెచ్చబెట్టే యంత్రం. పైన తొట్టి, లోపల పెల్లెట్లను కొద్దికొద్దిగా నెట్టే మర, గోడలోంచి బయటికి పోయే పొగ గొట్టం. ఫోన్‌లో నా లెక్కలు విని, “అన్నా, మేం వారానికోసారి బూడిద తీస్తాం, నువ్వు రోజూ తీస్తున్నావా?” అని నవ్వాడు. వాళ్ల పెల్లెట్లు మేలైన కట్టెవి. యూరప్‌లో పెల్లెట్లకు ఇచ్చే ఎన్‌ప్లస్ ఏ1 అనే నాణ్యత ముద్ర ఉండాలంటే బూడిద 0.7 శాతం దాటకూడదు, తేమ 10 శాతం దాటకూడదు. ఆ దేశాల పొయ్యిల పుస్తకంలో ఉన్న గడువులు చూసుకుని మన పల్లి పొట్టు కాలిస్తే నాలుగో రోజుకే పొగ పట్టుకుంటుంది.

డిసెంబరు

తెల్లవారుజామున చలి బాగానే ఉంది. పొయ్యిని ఒక పూట లోపలి గదిలో పెట్టుకుంటే వెచ్చగా ఉంటుందని ఇంట్లో ఒక ప్రతిపాదన వచ్చింది. ససేమిరా అన్నాను. మంట ఆరిన తర్వాత బొగ్గుల మీద పొట్టిగా నీలం మంట ఆడుతుంది కదా, అది కార్బన్ మోనాక్సైడ్ మండుతున్న మంట. అది కూడా ఆరిపోతే ఆ వాయువు మండకుండా గదిలోకి వస్తుంది. వాసన ఉండదు, రంగు ఉండదు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్లు తెల్లారి లేవలేదన్న వార్తలు ఏటా చలికాలంలో చదువుతూనే ఉన్నాం. పొయ్యి చోటు వరండాయే.

ఈ నెలలో పై వరుస రంధ్రాలు చూశాను. కొన్నింటి చుట్టూ నల్లగా, మెరిసే తారు పేరుకుంది. గిన్నె అడుగు చూస్తే ముందే తెలిసేది. అంతకుముందు అడుగున పలచని మసి ఉండేది, గీకితే పొడిగా రాలేది. ఇప్పుడు జిగటగా చేతికి అంటుకుంటోంది. జిగట మసి అంటే వాయువు పూర్తిగా మండలేదని అర్థం. రంధ్రాలకు సైకిల్ చక్రం పుల్ల సరిగ్గా సరిపోతుంది. కొనను ఆకురాయితో మొద్దుగా చేసుకోవాలి. పొయ్యి చల్లారాక, ఒక్కో రంధ్రంలో పెట్టి తిప్పాలి, పొడవకూడదు. పొడిస్తే సిరామిక్ పెచ్చులూడుతుంది, రంధ్రం పెద్దదవుతుంది, మంట ఒక పక్కకు ఒరుగుతుంది. గట్టిగా పట్టిన తారును గీకడం కంటే, మంచి ఎండు పెల్లెట్లతో ఒక వాయి గిన్నె పెట్టకుండా మండిస్తే సగం అదే కాలిపోతుంది. మిగతాది పుల్లతో పోయింది.

సంక్రాంతి ముందు

సకినాలు. పెల్లెట్ పొయ్యికి ఇంతకు మించిన పరీక్ష లేదు. నూనె ఒకే కాకలో గంటల తరబడి ఉండాలి. కాక తగ్గితే సకినం నూనె తాగుతుంది, పెరిగితే పైన ఎర్రబడి లోపల మెత్తగా ఉండిపోతుంది. చిన్నమ్మ పీట వేసుకుని కూర్చుని, “బిడ్డా, నీ ఫ్యాను పొయ్యి నడుమల ఆగితే పిండి నీ నెత్తిన పోస్తా” అని ముందే హెచ్చరించింది.

ఈ పొయ్యి ఒక వాయిగా మండే రకం. మంట మీద కొత్త పెల్లెట్లు గుమ్మరిస్తే పొగే తప్ప సెగ రాదు. అందుకని రెండో కుండీ అరువు తెచ్చి, నింపి పక్కన పెట్టుకున్నాం. మొదటిది నీలం మంటకు వచ్చేసరికి బాణలి దించి, కుండీ మార్చి, అంటించి మళ్లీ పెట్టడం. ఆ కాస్త వ్యవధిలో చిన్నమ్మ బట్ట మీద సకినాలు చుట్టుకుంటూ పోయింది. ఫ్యాను మాత్రం పెద్ద కాక కోసం పూర్తి వేగంలో తిప్పి ఉంచాల్సి వచ్చింది. పల్లి పొట్టుతోనే కానిచ్చాం.

మర్నాడు జాలీ మీద చిట్టెం కట్టి ఉంది. అరచేతి అంత బిళ్ల, పైన ముదురు ఆకుపచ్చ గాజులా మెరుపు, విరిచిన చోట తేనెతుట్టెలా రంధ్రాలు, అక్కడక్కడ ఇటుక ఎరుపు చారలు. గోటితో కొడితే కంగుమంటుంది. ఎరుపు ఎక్కడిదో ఆలోచిస్తే తెలిసింది. వేరుశనగ పండేది ఎర్ర చల్క నేలల్లో. కాయ పీకినప్పుడు పొట్టుకు పట్టిన మన్ను పెల్లెట్‌లోకీ వస్తుంది. మన్నులో సిలికా, పొట్టు బూడిదలో పొటాషియం. రెండూ కలిస్తే విడివిడిగా ఉన్నప్పటి కంటే చాలా తక్కువ వేడికే కరుగుతాయి. ఫ్యాను పూర్తిగా తిప్పితే కుండీ అడుగున ఆ వేడి వచ్చేస్తుంది. చల్లారగానే గాజులా గట్టిపడుతుంది.

దాన్ని సుత్తితో కొట్టకూడదు. పోత ఇనుము వంగదు, పగులుతుంది. జాలీ బయటికి తీసి, తిరగేసి, పాత అట్లకాడ అంచుతో అడుగు నుంచి ఎత్తితే బిళ్లకు బిళ్ల ఊడివచ్చింది. అంటుకుపోయిన ముక్కలకు జాలీని ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి, తోమి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి బిగించాను.

అప్పటినుంచి పల్లి పొట్టు పెల్లెట్లను వాడేముందు జల్లెడ పడుతున్నాను. అడుగున ఎర్రటి పొడి దిగుతుంది, మన్ను చాలా వరకు అందులోనే ఉంటుంది. గాలి దారులకు అడ్డుపడే నుసి కూడా పోతుంది. ఫ్యాను సగానికి మించి తిప్పడం లేదు. ఆ తర్వాత చిట్టెం కట్టినా రేగు పండంత ముక్కలే, వేళ్లతో తీసేయొచ్చు.

ఫిబ్రవరి: ఫ్యాను

గరగర శబ్దం మొదలైంది. ఫ్యాను తీసి చూస్తే రెక్కల అంచుల మీద బూడిద, నూనె కలిసిన మురికి గట్టిపడి ఉంది. సకినాల పుణ్యం. ఒక రెక్క మీద ఎక్కువ, ఒక దాని మీద తక్కువ ఉంటే తూకం తప్పి బేరింగు అరుగుతుంది. పాత టూత్‌బ్రష్‌తో, కొంచెం స్పిరిట్ అద్దిన గుడ్డతో తుడిచాను. రెక్కలను వేలితో పట్టుకునే తుడవాలి. గడియారం సెంటర్ దగ్గర ఫ్యాన్లు బాగుచేసే ఒకాయన గాలి గొట్టం పెట్టి ఊదుతానన్నాడు, వద్దన్నాను. ఆ గాలికి రెక్కలు ఓపిక మించి తిరిగి బేరింగు పోతుంది.

వెనకాల స్టిక్కర్ మెల్లగా ఎత్తి, రబ్బరు మూత ఉంటే తీసి, కుట్టుమిషన్ నూనె ఒకే చుక్క వేయాలి. రెండో చుక్క వేయాలనిపిస్తుంది, వేయొద్దు, పొంగి దుమ్మును పట్టుకుంటుంది. కొబ్బరినూనె అసలు వద్దు, చలికి పేరుకుంటుంది. శబ్దం పోయింది. అయినా అదే కొలత ఫ్యాను ఇంకొకటి 200 రూపాయలకు కొని పెట్టుకున్నాను. ఫ్యాను ఆగితే ఇది ఉత్త డబ్బా.

మార్చి

స్నానాల నీళ్లు కాగడం ఆలస్యమవుతోందని ఫిర్యాదు. మంట బాగుంది, అనుమానించాల్సింది గుండిగను. మా బోరు నీళ్లు కాచీ కాచీ అడుగున తెల్లటి గార మందంగా కట్టింది. చింతపండు పులుసు పోసి రాత్రంతా ఉంచి, పొద్దున రుద్దితే పొరలు పొరలుగా లేచింది. పెల్లెట్ల వాడకం కళ్లకు కనిపించేంత తగ్గింది.

ఈ మధ్య ఒకరు గ్యాస్ ఖర్చు తగ్గుతుందా అని అడిగారు. పల్లి పొట్టు కిలోకు సుమారు 4,000 కిలో కేలరీలు, గ్యాస్‌కు 11,000 పైమాటే. పైగా గ్యాస్ పొయ్యి ఇచ్చినంత వేడిని ఇది గిన్నెకు చేర్చలేదు. 14.2 కిలోల సిలిండర్ పని చేయాలంటే నా అంచనాకు 60 కిలోల దాకా పెల్లెట్లు పడతాయి. కిలో 12 రూపాయల చొప్పున నేను కొన్న ధరకు 720 రూపాయలు. మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు, బూడిద ఎత్తే కూలి కలుపుకుంటే అదీ ఉండదు. కట్టెల పొయ్యి పొగ నుంచి బయటపడాలనుకునే వాళ్లకు మాత్రం ఇది తప్పక కొనమని చెబుతాను.

మిగిలిన బూడిద కొంత గిన్నెలు తోమడానికి, కొంత టమాటా మొక్కల పాదుల్లోకి. గుప్పెడు మించి వేయను. బూడిదకు క్షార గుణం, మా నేలకు అది ఇప్పటికే చాలినంత ఉంది. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు కణికలు మర్నాటిదాకా ఉంటాయి కాబట్టి మూత ఉన్న ఇనుప డబ్బాలోనే పోస్తాను, ప్లాస్టిక్ బకెట్ దగ్గరికి కూడా రానివ్వను.

మృగశిర కార్తె ముందు

వానలకు ముందు పెల్లెట్ల ఏర్పాటు. తేమ తగిలితే పెల్లెట్ ఉబ్బి, విచ్చుకుని మళ్లీ పొట్టయిపోతుంది. మంచి పెల్లెట్‌ను రెండు వేళ్లతో విరిస్తే టప్పుమని విరగాలి. వంగినట్టయి చీలితే తేమ ఎక్కిందని లెక్క. బస్తాలను గోడకు జానెడు దూరంలో, చెక్క పలకల మీద పెట్టాను. వాడకంలో ఉన్నవి మూత గట్టిగా ఉండే డ్రమ్ములో. ఊకవి ఇక కొనను, ఉన్న అర బస్తా ఈ నెలలో అయిపోతుంది. వచ్చే ఏటికి పల్లి పొట్టు, రంపపు పొట్టు సగం సగం కలిపి కాల్చి బూడిద తూకం వేయాలి. చిట్టెం తగ్గుతుందనే నా అంచనా. రెండో కుండీని సొంతానికి చేయించమని చిన్నమ్మ ఇప్పటికే చెప్పి పెట్టింది.